బ్లీచింగ్ పౌడరు డబ్బా పక్కన వినెగర్ సీసా

దసరాకు ఇళ్లు దులపడం మొదలైన దగ్గర నుంచి ఒడిశా బరంపురంలోని మా తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. ఇచ్ఛాపురం నుంచి మా చెల్లెలు పంపింది. అదే సందేశాన్ని ఎదురింటి ఆవిడ తన ఫోనులో ఒడియాలో చూపించింది. సారాంశం ఇది: "ఇక ఏ మందులూ కొనకండి, వినెగర్ ఒక్కటే చాలు. పూర్తిగా సహజం. వంటసోడాతో కలిపితే ఎంతటి మురికైనా పోతుంది. క్రిములన్నీ చస్తాయి. ఏ నేలకైనా, ఏ గిన్నెకైనా పనికొస్తుంది. జాడింపు నీళ్లలో కలిపితే పట్టుచీర రంగు దిగదు. బాత్‌రూముకు మాత్రం కాస్త బ్లీచింగ్ పౌడరు కూడా కలపండి, శక్తి రెట్టింపు అవుతుంది."

ఇరవై రెండేళ్లు ప్లస్ టూ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. జవాబు చివరి వాక్యంతోనే మొదలుపెడతాను. మిగతావి నమ్మితే సామాను పాడవుతుంది. ఇది నమ్మితే ప్రాణం మీదకు వస్తుంది.

బ్లీచింగ్ పౌడరులో ఉండేది కాల్షియం హైపోక్లోరైట్. దాని మీద ఏ ఆమ్లం పోసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. వినెగర్ కూడా ఆమ్లమే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదకు వదిలిన వాయువు ఇదే. గాలి కంటే బరువైనది కాబట్టి పైకి తేలిపోదు, చిన్న గదిలో నేలను పట్టుకుని ఉండిపోతుంది. కూర్చుని నేల రుద్దే మనిషి ముఖం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది.

మన ఊళ్లో ఈ సలహా మరింత ప్రమాదం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను పక్కనే ఉన్న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత బావులు బాగు చేసుకోవడానికి బ్లీచింగ్ పౌడరు తెచ్చిపెట్టుకునే అలవాటు మా వీధిలో నేటికీ పోలేదు. ఏ ఇంట చూసినా మేడమెట్ల కింద బ్లీచింగ్ పౌడరు డబ్బా ఉంటుంది.

పోయిన వారం మా వీధి పెద్దమ్మ ఒకావిడ ఆ సందేశం చూసి చేసి చూసింది. ప్లాస్టిక్ మగ్గులో రెండు గుప్పిళ్ల పౌడరు, కొంచెం నీళ్లు, దాని మీద పావు సీసా వినెగర్. వాసన ఇంట్లోకి రాకూడదని తలుపు వేసుకుందట. మగ్గులోని తెల్లటి ముద్ద బుసబుసమని పొంగింది. కుళాయి నీళ్ల వాసన వంద రెట్లయినట్టు ఒక ఘాటు ముక్కుకు కొట్టింది, కళ్లు మూతపడ్డాయి. గడియ తడుముకుంటూ బయటపడింది. నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఆగకుండా దగ్గుతోంది. కళ్లు మంచినీళ్లతో కడిగించి, గాలి తగిలే చోట కూర్చోబెట్టి, ఆటోలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. మూడు రోజులు గొంతు మంట తగ్గలేదు. ఆవిడ మనకు దక్కింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

బ్లీచింగ్ పౌడరును నీళ్లలో తప్ప దేనిలోనూ కలపకండి. మరుగుదొడ్డికి వాడే యాసిడ్‌తో అసలే వద్దు, అది వినెగర్ కంటే చాలా గట్టి ఆమ్లం. పొరపాటున కలిస్తే దాన్ని పారబోయాలని కూడా ఆగకండి, ముందు బయటకు రండి.

ఇక వంటసోడా సంగతి. రెండూ కలిపితే వచ్చే నురగ చూసి మురికి కరుగుతోందనుకుంటాం. నిజానికి ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. మనం కొనే వినెగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సుమారు 4 శాతం, అంటే 100 మిల్లీలీటర్లలో 4 గ్రాములు. దాన్ని పూర్తిగా విరిచేయడానికి 5.6 గ్రాముల వంటసోడా, ఒక చిన్న చెంచాడు, చాలు. పొంగు దిగాక గిన్నెలో మిగిలేది సోడియం ఎసిటేట్ అనే లవణం కలిసిన నీళ్లు. అందులో వినెగర్ పులుపూ లేదు, సోడా పట్టూ లేదు. ఆ బుడగలు కాస్త మట్టిని కదిపితే కదపవచ్చు. తూములో అడ్డుపడిన జిడ్డుముద్ద దానితో కదలదు. విడివిడిగా పనికొచ్చే రెండు వస్తువులను డబ్బు పెట్టి కొని, కలిపి, ఉప్పునీళ్లు చేసుకుంటున్నాం.

"క్రిములన్నీ చస్తాయి" అన్న మాట మీద చెల్లెలు నాతో వాదించింది. "అక్కా, బరంపురం ఊరగాయల ఊరు. పచ్చళ్లు పాడవకుండా వినెగర్ పోయరా? క్రిములను చంపకపోతే అవి ఎలా నిలవుంటాయి?" మంచి ప్రశ్న. పచ్చడి ముక్క నెలల తరబడి ఆమ్లంలోనే మునిగి ఉంటుంది. లోపలి దాకా పులుపు ఎక్కుతుంది, ఉప్పు దానికి తోడుంటుంది. నేల మీద తడిగుడ్డ పెట్టింది నిమిషాల్లో ఆరిపోతుంది. పైగా సందేశంలో చెప్పిన కొలత బకెట్టుకు రెండు పెద్ద చెంచాలు. 30 మిల్లీలీటర్ల వినెగర్‌లో ఉన్న ఆమ్లం 1.2 గ్రాములు. పది లీటర్ల నీళ్లలో అది దాదాపు పదివేలకు ఒక వంతు. ఆ పలుచని నీళ్లు ఏ క్రిమినీ నమ్మకంగా చంపవు. చిక్కగా వాడినా కొన్ని చస్తాయి, కొన్ని చావవు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు దీన్ని నమ్ముకుంటే మిగతావారికీ అంటుకుంటుంది. అలాంటప్పుడు సబ్బుతో కడిగి, ఆ సబ్బునీళ్లు పోయేలా మంచినీళ్లు కొట్టి, తర్వాత బ్లీచింగ్ పౌడరు నీళ్లు వాడాలి. కిటికీలు తెరిచి, అది ఒక్కటే.

"ఏ నేలకైనా" అన్నవారు మా వంటింటి గట్టు చూడాలి. కడప నల్లరాయి, మా అత్తయ్య వేయించింది. ఒకరోజు వినెగర్ సీసా అడుగు తడిసి ఉంటే చూడకుండా రాత్రంతా అక్కడే వదిలేశాను. ఉదయం తీసేసరికి గాజు అంచంత సన్నని బూడిదరంగు వలయం. వేలితో రాస్తే చుట్టూ నున్నగా ఉంది, ఆ గీత మీద మాత్రం సుద్దలా గరుకు. నూనె రాస్తే ఓ పూట కనబడదు, మళ్లీ తేలుతుంది. కడప రాయి, నాపరాయి, పాలరాయి అన్నిటిలోనూ ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. ఆమ్లం దాన్ని తినేస్తుంది. పాలరాతి ముక్కలు వేసిన మొజాయిక్ నేలకూ, టైల్స్ మధ్య సిమెంటుకూ అదే గతి. నమ్మకం లేకపోతే కోడిగుడ్డు పెంకును వినెగర్‌లో వేసి చూడండి. బుడగలు వస్తూ ఒకటి రెండు రోజుల్లో కరిగిపోతుంది. గ్రానైట్ చాలావరకు తట్టుకుంటుంది.

"పూర్తిగా సహజం" అంటారా, సీసా వెనక్కి తిప్పి చదవండి. బజారులో దొరికే చవక తెల్ల వినెగర్ మీద సింథటిక్ అని రాసి ఉంటుంది. కర్మాగారంలో తయారైన ఎసిటిక్ ఆమ్లంలో నీళ్లు కలిపిందే అది.

పట్టుచీర మాట, పట్టునేతకు పేరున్న మా ఊరివాళ్లు నమ్మకూడదు. పట్టుకు రంగు ఎక్కించేటప్పుడు ఆమ్లం వాడే పద్ధతి ఉన్నా, అది వేడి తొట్టిలో, రంగు ఎక్కుతున్నప్పుడు చేసే పని. నేసిన చీరను చల్లని వినెగర్ నీళ్లలో ముంచితే కొత్తగా నిలిచే రంగు లేదు. జరీలో రాగి ఉంటే అది నల్లబడే అవకాశం కూడా ఉంది.

గిన్నెల విషయంలో మన అమ్మమ్మలు ఈ సందేశం రాసినవారి కంటే తెలిసినవాళ్లు. జిడ్డు గిన్నెకు బూడిద, కుంకుడు రసం. ఇత్తడికి, రాగికి చింతపండు. జిడ్డును విడదీసేది బూడిదలోని క్షారం, కుంకుడులోని నురగ. చిలుమును కరిగించేది చింతపండులోని ఆమ్లం. దేనికి ఏది అన్నది తరతరాలుగా చేత్తో తెలుసుకున్న విద్య. పొయ్యి చుట్టూ పేరుకున్న నూనె జిడ్డుకు వినెగర్ రాయడమంటే దానికి చింతపండు రాసినట్టే. ఇత్తడి బిందెకు వినెగర్, ఉప్పు కలిపి రుద్దితే నిజంగానే మెరుస్తుంది, కానీ వెంటనే కడిగి తుడవాలి. నానబెడితే పచ్చటి చిలుము పడుతుంది, అది విషం. అల్యూమినియం గిన్నెకూ ఇనప పెనానికీ వినెగర్ దూరంగా ఉంచండి.

వినెగర్ వల్ల లాభం లేదని అనడం లేదు. మా బోరు నీళ్లకు కుళాయి మూతి చుట్టూ తెల్లగా సున్నం కడుతుంది. వినెగర్‌లో తడిపిన గుడ్డను దానికి చుట్టి, అరగంట ఆగి తీసి, పాత బ్రష్షుతో రుద్దితే పెచ్చులు రాలిపోతాయి. వెంటనే మంచినీళ్లతో కడిగేస్తాను. నీళ్లు కాచే స్టీలు కెటిల్ అడుగున పట్టిన తెల్లపొరకూ, కిటికీ అద్దాల మీద ఆరిన నీటి మరకలకూ ఇంతకంటే మంచి వస్తువు నాకు దొరకలేదు. ఇవన్నీ సున్నపు మరకలు, అందుకే ఆమ్లానికి లొంగుతాయి.

ఇదంతా రాసి చెల్లెలికి పంపాను. ఆమె తన గ్రూపులో ఆ సందేశాన్ని తీసేసి, దీన్ని పెట్టింది. ఎదురింటి ఆవిడ కోసం బ్లీచింగ్ పౌడరు గురించి రాసిన భాగాన్ని మా అబ్బాయి ఒడియాలో రాసిచ్చాడు. మీ గ్రూపులోకి ఆ సందేశం వచ్చి ఉంటే, పంపినవారికి ఫోను చేసి ఆ చివరి వాక్యం గురించి ఒక్కమాట చెప్పండి. బాత్‌రూములు కడగడం పండక్కి రెండు రోజుల ముందే మొదలవుతుంది.