గ్యాస్ బండను దాచమన్న ఆ మెసేజ్ ఇక పంపకండి

"పాత ఇంటికి కొత్త కళ: ఏడు చిట్కాలు, లక్షన్నర ఖర్చు, వారం రోజుల పని" అన్న మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో. అంతకుముందు చిన్ననాటి స్నేహితుల గ్రూపులో చూశాను. దానికీ ముందు మా పెద్దమ్మ కొడుకు "నీ వృత్తికి పనికొస్తుంది చూడు" అని పంపాడు. వచ్చిన ప్రతిసారీ కింద చప్పట్ల బొమ్మలు, "సూపర్ అండి", "సేవ్ చేసుకున్నా". సేవ్ చేసుకున్న వాళ్లలో కొందరు నిజంగానే కార్పెంటర్‌ని పిలిపించి, ఫోన్‌లో అది చూపించి, అలాగే చేయిస్తున్నారు. నా బాధంతా అదే. ఇళ్ల రిపేర్లు, ఇంటీరియర్ పనులు చేయించడమే నా బతుకుతెరువు కాబట్టి ఇక ఊరుకోలేక ఒక్కో చిట్కాకీ జవాబు రాస్తున్నాను. వాటి వరస పాటించను. ముఖ్యమైన దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందు తేలిగ్గా తేలిపోయేది. నాలుగో చిట్కా ప్రకారం గోడకు కన్నం పెట్టకుండా పైపు లేని చిమ్నీ బిగించుకుంటే చాలట. అలాంటి చిమ్నీ గాలిని పీల్చి, బొగ్గు ఫిల్టర్ గుండా పంపి, మళ్లీ మీ వంటింట్లోకే వదులుతుంది. నూనె జిడ్డు కొంత ఆగుతుంది, వాసన కొంత తగ్గుతుంది. వేడి, ఆవిరి, మంట నుంచి వచ్చే వాయువులు మాత్రం ఎక్కడికీ పోవు. రోజూ పోపులు, వేపుళ్లు ఉండే ఇంట్లో ఆ ఫిల్టర్ కొన్ని నెలలకే మార్చాలి, మార్చేవాళ్లు అరుదు. కన్నం పెట్టే వీలు లేకపోతే కిటికీకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించుకోండి. చవక, పైగా పని చేస్తుంది.

రెండో చిట్కా: "ప్లైవుడ్‌కి డబ్బు తగలెయ్యకండి. పార్టికల్ బోర్డు మీద మంచి లామినేట్ వేస్తే తేడా ఎవరికీ తెలియదు." మొదటి వానాకాలం దాకా తెలియదు, నిజమే. చెక్క పొట్టును జిగురుతో నొక్కి చేసిన బోర్డు అది. వార్డ్‌రోబ్‌కి, పుస్తకాల అరకి వాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు. సింకు కింద మాత్రం వద్దు. సింకు కింది పైపు దగ్గర ఎప్పుడూ కాస్త తడి ఉంటుంది. లామినేట్ పైన తుడిస్తే పోతుంది కానీ అంచుల్లోంచి, స్క్రూ కన్నాల్లోంచి నీళ్లు లోపలికి దిగుతాయి. బోర్డు అడుగు నుంచి అటుకుల్లా ఉబ్బుతుంది, కీళ్ల స్క్రూలు పట్టు వదిలేస్తాయి, షట్టర్ వాలిపోతుంది. అప్పుడు బాగు చేయడానికి ఏమీ మిగలదు, పెట్టెంతా తీసి పారేయాలి. సింకు కింద, గట్టు కింద వాడే షీటు మీద, నీళ్లకు తట్టుకునే ప్లైవుడ్‌కి వేసే ఐఎస్ 710 అన్న ముద్ర ఉందో లేదో దుకాణంలోనే చూసుకోండి. ఆ రకం ప్లైవుడ్‌ని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షిస్తారు. వంటింట్లో డబ్బు మిగుల్చుకోవాలంటే హ్యాండిళ్ల దగ్గర మిగుల్చుకోండి, లోపల మెరిసే లైట్ల దగ్గర మిగుల్చుకోండి.

ఇక మూడో చిట్కా. నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది ఇదే. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: "ఎర్ర గ్యాస్ బండ వంటింటి అందాన్ని చెడగొడుతుంది. గట్టు కింద షట్టర్ వెనక దాచేయండి, పొడవాటి ట్యూబు వేయించండి. షట్టర్ తెరవగానే వెలిగే సెన్సర్ లైటు పెడితే ఇంకా అందం."

దాచడం, పొడవాటి ట్యూబు, లైటు: ఈ మూడు సలహాల్లో మూడూ తప్పే. ఒక్కొక్కటీ ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

మన ఇళ్లకు వచ్చే బండలో 14.2 కిలోల ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం ద్రవంగా ఉంటుంది. బయటికి వస్తే దాదాపు రెండు వందల యాభై రెట్లు వ్యాకోచించి వాయువు అవుతుంది. అది గాలి కంటే బరువు. పైకి లేచి కిటికీలోంచి పోదు, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. గాలిలో సుమారు రెండు శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది. గాలాడే వంటింట్లో రెగ్యులేటర్ దగ్గర సన్నగా లీకైనా గుమ్మం కింది నుంచి కొంత పోతుంది, వాసన మన ముక్కుకి తగులుతుంది. అసలు ఆ వాసన కలిపేదే మనల్ని హెచ్చరించడానికి. అదే లీకు బిగుతుగా మూసుకునే షట్టర్ వెనక జరిగితే? రాత్రంతా ఆ పెట్టెలోనే నిండుతుంది, వాసనా అందులోనే ఉండిపోతుంది. పొద్దున్నే కాఫీ పెట్టడానికి వచ్చిన మనిషి రెగ్యులేటర్ తిప్పడానికి షట్టర్ తెరుస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో వెలగమని అక్కడ ఒక లైటు బిగించమంటున్నారు. ఇది రాసిన వారు ఒక్కసారైనా గ్యాస్ బండ మార్చి ఉంటారా?

పొడవాటి ట్యూబు మాట. రబ్బరు ట్యూబు మీటరున్నర మించకూడదు, మధ్యలో అతుకులు ఉండకూడదు, గోడలోంచో చెక్క పలకలోంచో దూర్చకూడదు. దాన్ని కంటికి కనపడేలా ఉంచాలి, ఎందుకంటే పగుళ్లు చూసుకోవాలి. లోపల తీగ అల్లిక ఉండే సురక్ష ట్యూబునైనా అయిదేళ్లకు మార్చాలి. తేదీ దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. షట్టర్ వెనక, డ్రాయర్ వెనక ఉన్న ట్యూబు మీద తేదీ ఎవరు చూస్తారు?

ఒక బంధువుల ఫ్లాట్‌లో చూసింది చెబుతాను. కొత్త మాడ్యులర్ కిచెన్, తెల్లటి షట్టర్లు, చూడముచ్చటగా ఉంది. స్టవ్ మంట ఉన్నట్టుండి పెద్దదవుతోందని చెబితే గట్టు కింద తెరిచి చూశాను. అర ఎత్తు చాలక కార్పెంటర్ బండను ఏటవాలుగా వాల్చి పెట్టాడు. వాల్చిన బండలోంచి వాయువుకి బదులు ద్రవమే రెగ్యులేటర్‌లోకి రావచ్చు, బండ ఎప్పుడూ నిటారుగానే ఉండాలి. ట్యూబు షట్టర్ కీలు పక్కనుంచి పైకి పోయింది. తలుపు వేసినప్పుడల్లా కీలు దాన్ని నొక్కుతోంది. నొక్కిన చోట పై రబ్బరు తెగి లోపలి తీగ కనపడుతోంది, వేలితో తడిమితే గుచ్చుకుంది. ఆ ఇంటి ఇల్లాలు ఆర్నెల్లుగా దాని ముందే నిలబడి వంట చేస్తోంది. ఆమెకు తెలిసే దారే లేదు. తెలియకుండా ఉండేలాగే కట్టించారు.

ఇప్పటికే ఇలా చేయించుకున్న వాళ్లు కంగారు పడనక్కర్లేదు. బండ ముందున్న షట్టర్ ఊడదీయించండి, లేదంటే దాన్ని జాలీ తలుపుగా మార్పించండి. కన్నాలు అడుగున ఉండాలి, పైన పెడితే ఉపయోగం లేదు. ఆ అరలో, దాని చుట్టుపక్కల ప్లగ్గు, లైటు, వాటర్ ఫిల్టర్ మోటారు ఏది ఉన్నా తీసేయించండి. యుటిలిటీ బాల్కనీ ఉంటే బండను అక్కడికి మార్చి, గ్యాస్ ఏజెన్సీ మెకానిక్ చేత లోహపు పైపు వేయించుకోవడం మేలు. స్టవ్ ఎప్పుడూ బండ కంటే ఎత్తులోనే ఉండాలి. వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకండి, వేసి ఉన్నది ఆపకండి కూడా. తలుపులు, కిటికీలు తీసి, రెగ్యులేటర్ ఆపి, బయటికి వచ్చి 1906కి ఫోన్ చేయండి. ఆ నంబరు దేశమంతటికీ ఒకటే.

ఆ మెసేజ్‌లో ఒక మంచి మాట కూడా ఉంది, అది ఒప్పుకోవాలి. మొదటి చిట్కా: "పాత గట్టు పగలగొట్టకండి, షట్టర్లు మాత్రం మార్చుకోండి." ఇది మా రంగంలో చాలామంది మీతో చెప్పని మాట. ఎందుకంటే అందులో మాకు పెద్దగా మిగిలేది ఉండదు. ఇరవై, ముప్పయ్యేళ్ల కింద వేసిన నల్ల గ్రానైట్ గట్టు, దాని కింద కడప బండల అరలు ఇంకో తరానికి సరిపోతాయి. నీళ్లు పడినా ఉబ్బవు, చెద పట్టవు. వాటికి అల్యూమినియం ఫ్రేము, కొత్త షట్టర్లు, ఒకటి రెండు బుట్టలు వేయిస్తే వంటిల్లు కొత్తదైపోతుంది. మొత్తం పగలగొట్టి పెట్టెలు దింపమని ఎవరైనా తొందర పెడితే, కడప బండలో ఏం లోపం ఉందో చూపించమని అడగండి. ఈ ఒక్క చిట్కాని ఎంతమందికి పంపుకున్నా నాకు సంతోషమే.

అయిదోది ఇథనాల్ అనే ఆల్కహాల్‌తో మండే ఫైర్‌ప్లేస్. "హాల్లో ఆగ్నేయ మూల ఇథనాల్ ఫైర్‌ప్లేస్ పెట్టండి. పొగ రాదు, చిమ్నీ అక్కర్లేదు, కిటికీలు మూసుకుంటే గది వెచ్చగా ఉంటుంది. ఇంధనం అయిపోతే శానిటైజర్ కూడా పోయవచ్చు." వాస్తు గురించి నేను వాదించను, ఎవరి నమ్మకం వాళ్లది. మిగతాది మాత్రం అలా వదిలేయలేను. పొగ రాదంటే గాలి చెడదని కాదు. ఆ మంట గదిలోని ఆక్సిజన్‌నే వాడుకుని కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వదులుతుంది. కిటికీలు మూయమనడం ఏమిటి? ఇథనాల్ ఇరవై డిగ్రీల లోపే మండే ఆవిరి వదులుతుంది. మన హాల్లో అంత చల్లదనం ఏడాదిలో ఎన్ని రాత్రులు ఉంటుంది? అంటే సీసా మూత తీసిన ప్రతిసారీ ఆవిరి సిద్ధంగా ఉన్నట్టే. పైగా దాని మంట వెలుతురులో సరిగ్గా కనపడదు. ఆరిపోయిందనుకుని మళ్లీ పోస్తే మంట ధార వెంట సీసాలోకి పాకి, పోస్తున్న వాళ్ల మీదికీ ఎదురుగా కూర్చున్న పిల్లల మీదికీ ఎగజిమ్ముతుంది. ఇలా కాలిన గాయాలు చాలా దేశాల్లో నమోదయ్యాయి. శానిటైజర్ పోయమన్న వాక్యం పంపేముందు ఒక్కరైనా చదివారా అని నాకు నిజంగా సందేహం.

ఊటీ, సిమ్లాల్లో పాత బంగళాలకు ఫైర్‌ప్లేసులు ఉన్నాయి, వాటికి ఇటుకల చిమ్నీ పైకప్పు దాకా ఉంటుంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపే ఫోటోల్లోనూ ఫైర్‌ప్లేస్ కనపడుతుంది. అక్కడ చాలావాటికి పొగ బయటికి పోయే దారి ఉంటుంది, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం ఉంటుంది. ఫోటోలో ఆ రెండూ కనపడవు. అంత ముచ్చటగా ఉంటే బొమ్మ మంట వెలిగే ఎలక్ట్రిక్‌ది కొనుక్కోండి, వేడి ఆపేసి వెలుగు మాత్రం ఉంచుకోవచ్చు.

ఆరోది, చెమ్మ గోడకు వాల్‌పేపర్ అంటించమనడం. గోడ ఉబ్బి సున్నం పెచ్చులు రాలుతోందంటే పైన బాత్రూమో, పక్కన పైపో, బయట గోడ పగులో కారుతోందని అర్థం. దాని మీద కాగితం అంటిస్తే వెనక బూజు పెరుగుతుంది. ముందు కారే చోటు వెతికించండి, గోడ ఆరనివ్వండి, తర్వాతే రంగు. డాబా కిందే, అన్నిటికంటే పై అంతస్తులో ఉండేవాళ్లు రంగుకి ఖర్చు పెట్టదలిస్తే డాబా మీద తెల్ల కోటింగ్ ముందు వేయించుకోండి. వేడి తగ్గించే ఇలాంటి పైకప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక పాలసీనే తెచ్చింది.

చివరిది చూడ్డానికి అమాయకంగా ఉంటుంది: "పాత తలుపులు, గ్రిల్స్ పిల్లలతో కలిసి శాండ్ పేపర్‌తో గీకండి, సెలవుల్లో సరదాగా ఉంటుంది." దయచేసి వద్దు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలైంది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం బాగా ఉండి ఉండవచ్చు. పొడిగా గీకితే అది దుమ్మై నేల మీద, బొమ్మల మీద, చేతుల మీద పడి నోట్లోకి పోతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది, ఇంతవరకు పర్వాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గీకక తప్పదంటే పెయింటర్‌కి మంచి మాస్క్ ఇప్పించి, తడిపి రుద్దమనండి. కింద ప్లాస్టిక్ షీటు పరిపించి, పనయ్యాక చీపురు పట్టకుండా తడి గుడ్డతో తుడిపించండి. ఆ రోజులు పిల్లల్ని అమ్మమ్మ గారింటికి పంపండి. కడుపుతో ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే ఆ పని వాయిదా వేయండి. పెచ్చులు లేవకుండా గట్టిగా ఉన్న పాత రంగు ఇంకో ఏడాది తలుపు మీదే ఉంటే ఎవరికీ పెద్దగా నష్టం లేదు.