పని నేర్పే చేతికి పైసా ఎందుకు లేదు?

పోయిన నెలలో మా చెల్లెలి కొడుకు అప్రెంటిస్‌షిప్ ముగించుకుని నేరుగా హైదరాబాద్ బాలానగర్‌లోని నా వర్క్‌షాపుకు వచ్చాడు. ఐటీఐలో రెండేళ్లు ఫిట్టర్ ట్రేడ్ చదివాడు. ఆ తర్వాత వాహనాల విడిభాగాలు చేసే ఒక పెద్ద కర్మాగారంలో ఏడాది ఉన్నాడు. చేతిలో సర్టిఫికెట్ ఉంది. నేను ఒక షాఫ్టు ముక్క ఇచ్చి, "దీని వ్యాసం కొలిచి చెప్పు నాయనా" అన్నాను. వెర్నియర్ కొలత పరికరం పట్టుకున్న తీరు చూడగానే నాకు విషయం అర్థమైంది. ప్రధాన స్కేలు చదివాడు కానీ, వెర్నియర్ గీత ఎక్కడ కలిసిందో వెతుకుతూ ఆగిపోయాడు. "అక్కడ మాకు కొలిచే పని ఇవ్వలేదు మామయ్యా. గేజ్‌లో పడితే మంచిది, పడకపోతే ఎర్ర పెట్టెలో వేయమన్నారు" అన్నాడు తల దించుకుని.

తల దించుకోవలసింది వాడు కాదు.

ఏడాది పాటు ఏం చేశావని ఆ సాయంత్రం కూర్చోబెట్టి అడిగాను. యంత్రంలో ముక్క పెట్టడం, తలుపు మూయడం, పచ్చ బొత్తాం నొక్కడం, తలుపు తెరవడం, ముక్క తీయడం. ఒక్కో షిఫ్టులో కొన్ని వందల సార్లు ఇదే. టూల్ ఎవరు మార్చేవారు? సెట్టర్ వచ్చి మార్చేవాడు. డ్రాయింగ్ చూశావా? ఎవరూ చూపించలేదు. యంత్రం ఆగిపోతే? సూపర్‌వైజర్‌ను పిలిచి పక్కన నిలబడాలి. నెలకు 7,000 రూపాయలు ఇచ్చారు. హాస్టల్‌లో మంచానికీ భోజనానికీ 5,500 పోయేది. మిగిలిన పదిహేను వందల్లోనే బస్సు, ఫోను, సబ్బు, మందులు అన్నీ. చాలక సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి మా చెల్లెలు నెలనెలా వెయ్యి రూపాయలు పంపింది. కొడుకు కర్మాగారంలో మూడు షిఫ్టులూ చేస్తుంటే, పత్తి చేలలో కూలికి వెళ్లే తల్లి వాడిని పోషించింది. ఏడాది నిండిన రోజున వాడిని పంపేశారు. మరుసటి వారం అదే యంత్రం ముందు ఇంకో పిల్లవాడు నిలబడ్డాడు.

ప్రైవేటు కంపెనీ, వాళ్ల ఇష్టం అని దయచేసి అనకండి. ఇందులో మన డబ్బు ఉంది. 2016 ఆగస్టులో కేంద్రం జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం మొదలుపెట్టింది. కంపెనీ ఇచ్చే స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. మొదట ఆ సొమ్ము కంపెనీకి తిరిగి వచ్చేది. 2023 నుంచి నేరుగా అప్రెంటిస్ బ్యాంకు ఖాతాలో పడుతోంది. ఇది మంచి మార్పే, కాదనను. డిగ్రీ, డిప్లొమా చదివినవారికి విద్యాశాఖ నడిపే మరో పథకం ఉంది, దానిలో కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే ఇస్తుంది.

నేను ఈ ఖర్చుకు వ్యతిరేకిని కాదు. ఇంకా ఎక్కువ పెట్టాలని అడిగేవాడిని. నా బతుకే ప్రజల సొమ్ముతో నేర్చుకున్న పని మీద నిలబడింది. 1993లో నగర శివార్లలోని ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరాను. మొదటి మూడు నెలలు మమ్మల్ని యంత్రాల దగ్గరికి రానివ్వలేదు. బెంచి వైస్ ముందు నిలబెట్టి, చేతికి ఆకురాయి ఇచ్చి, ఒక ఇనుప ముక్కను నాలుగు వైపులా చదరంగా రాయమన్నారు. ట్రైస్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు కనిపించకూడదు. నాకు పదకొండు రోజులు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. మాకు నేర్పిన పెద్దాయన ఉత్పత్తి చేసేవాడు కాదు. ఇరవై మంది పిల్లలకు పని నేర్పడమే ఆయన ఉద్యోగం, దానికే ఆయనకు జీతం. తర్వాత ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మీదకు వెళ్లినప్పుడు, కళ్లు మూసుకుని చప్పుడు వినమనేవాడు. టూల్ మొండిబారితే శబ్దం మారుతుంది. ఊడివచ్చే చిప్ రంగు తిరిగిందంటే వేడి ఎంత పుడుతోందో తెలుస్తుంది. ఇవి ఏ పుస్తకమూ చేతికి ఎక్కించలేని సంగతులు. పక్కన ఒక మనిషి నిలబడి, తప్పు చేయబోయే క్షణంలో మణికట్టు పట్టుకుని ఆపాలి.

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వాడల్లో చిన్న వర్క్‌షాపులు నడిపే చాలామంది ఇలా పెద్ద ప్రభుత్వ కర్మాగారాల్లోనో, 1968లో ఇక్కడే పెట్టిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థలోనో చేయి తిప్పుకుని వచ్చినవారు. రక్షణ, అంతరిక్ష సంస్థలకు వెళ్లే విడిభాగాలు ఈ ఇరుకు సందుల్లోని రేకుల షెడ్లలో తయారవుతున్నాయంటే దానికి కారణం ఆ పాత పెట్టుబడి. అప్పట్లో ప్రభుత్వం కుర్రవాడి స్టైపెండ్‌తో ఆగలేదు. నేర్పే మనిషికి జీతమిచ్చింది, పాడైపోయే ఇనుముకు లెక్క అడగలేదు.

ఇప్పుడు నేర్పే మనిషికి ఏముంది? 2016లో పథకం వచ్చినప్పుడు, ఐటీఐ చదవకుండా నేరుగా చేరే పిల్లలకు ప్రాథమిక శిక్షణ ఇవ్వడానికి 500 గంటలకు గరిష్ఠంగా 7,500 రూపాయలు అన్నారు. భాగించి చూడండి. గంటకు పదిహేను రూపాయలు. మా వీధి చివర టీ తాగి బిస్కట్ తింటే అయిపోయే డబ్బు. ఐటీఐ చదివి వచ్చినవారికి ఆపాటి కూడా లేదు. వాళ్లకు పని వచ్చేసిందన్నట్టు లెక్క.

నా వర్క్‌షాపు లెక్క చెబుతాను. మొత్తం పదకొండు మందిమి. మా ఉస్తాద్‌కు నెలకు 32,000 ఇస్తాను, ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్న టర్నర్ ఆయన. ఒక కుర్రవాడికి నిజంగా పని రావాలంటే ఆయన రోజుకు రెండు గంటలు వాడి పక్కన ఉండాలి. ఎనిమిది గంటల షిఫ్టులో అది నాలుగో వంతు, అంటే నెలకు 8,000 రూపాయల ఆయన సమయం. ఆ రెండు గంటలూ ఆయన యంత్రం నిలిచిపోతుంది. కుర్రవాడు విరగ్గొట్టే కార్బైడ్ ఇన్సర్ట్‌లు (టూల్ మొనలు), పాడు చేసే కడ్డీలు అదనం. వాడి స్టైపెండ్ ఎలాగూ ఉంది. ఇంత భారం మోసి ఏడాది నేర్పాక, వాడు రెండు వేలు ఎక్కువిచ్చే చోటికి వెళ్లిపోవచ్చు. వెళ్లనివ్వాలి కూడా, అది వాడి హక్కు. ఈ మొత్తంలో ప్రభుత్వం పంచుకునేది 1,500. అందుకే నాలాంటి వాళ్లు అప్రెంటిస్‌లను తీసుకోవడానికి వెనకాడతారు. చట్టం కూడా మమ్మల్ని బలవంతం చేయదు. 30 మంది, అంతకు మించి ఉన్న సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నచోట ఇష్టమైతేనే.

పెద్ద కర్మాగారానికి లెక్క తిరగబడుతుంది. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందేవాడు. కాబట్టి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. శిక్షణ తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధనా లేదు. నేర్పేవారికి ఇది వెసులుబాటు. నేర్పే ఉద్దేశం లేనివారికి ఇది ఏడాదికోసారి మార్చుకునే చౌక కూలీల వరుస. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదని అదే చట్టం చెబుతోంది. మా వాడిని అడిగితే, నెలకు ఆరేడు సార్లు రెండో షిఫ్టు కూడా ఆపేవారట. సలహాదారు అనే అధికారి ఒకరు ఉంటారన్న సంగతే వాడికి తెలియదు. ఏడాదిలో ఒక్కసారైనా ఎవరో వచ్చి "నీకేం వచ్చింది, చేసి చూపించు" అని అడిగి ఉంటే ఈ కథ ఇలా నడిచేది కాదు.

అన్ని పెద్ద కంపెనీలూ ఇలాంటివని నేను అనడం లేదు. మంచి శిక్షణ విభాగాలు ఉన్నవి నాకు తెలుసు, వాటి నుంచి వచ్చిన కుర్రవాళ్లను పిలిచి పని ఇస్తాను. కానీ ప్రభుత్వం దృష్టిలో ఇద్దరూ ఒకటే. నేర్పినచోటా 1,500, బొత్తాం నొక్కించినచోటా 1,500. ఎంతమంది పేర్లు నమోదయ్యాయన్నదే ప్రకటనల్లో కనిపిస్తుంది. ఎంతమంది డ్రాయింగ్ చదివి ఒక వస్తువు పూర్తిగా చేయగలుగుతున్నారన్న లెక్క ఎవరూ అడగరు. జర్మనీలో పని నేర్పేవారికే ముందు ఒక పరీక్ష ఉంటుంది, అది నెగ్గితేనే శిక్షకుడు. మన దగ్గర పరీక్షలన్నీ నేర్చుకునేవాడికే.

స్టైపెండ్ సంగతి వేరే చెప్పాలి. 2019లో కనీస మొత్తాన్ని చదువును బట్టి 5,000 నుంచి 9,000గా నిర్ణయించారు. ఆరేళ్లు గడిచాక, 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి దాన్ని 36 శాతం పెంచి 6,800 నుంచి 12,300 చేయాలని సిఫారసు చేసింది. ఆ ఆరేళ్లలో ఏ హాస్టల్ అద్దె ఆగింది? ఏ గ్యాస్ బండ ధర ఆగింది? ఊళ్లో ఇల్లున్న పిల్లవాడికి 7,000 సరిపోవచ్చు. కానీ కర్మాగారాలు ఉన్నచోట పిల్లలు లేరు, పిల్లలు ఉన్నచోట కర్మాగారాలు లేవు.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకానికి జరిగింది చూడండి. ఐదేళ్లలో కోటి మందికి, దేశంలోని 500 అగ్ర కంపెనీల్లో అన్నారు. మొదలుపెట్టినప్పుడు నెలకు 5,000, అందులో 4,500 ప్రభుత్వానిదే. 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. మొదటి విడతలో 82 వేలకు పైగా అవకాశాలు చూపితే 28 వేల చిల్లర మంది ఒప్పుకున్నారు. చివరికి చేరినవారు సుమారు 8,700. మన పిల్లలకు బద్ధకమని దీన్ని చూసి రాసినవాళ్లు ఉన్నారు. నాకు అది చదివి ఒళ్లు మండింది. ఏడాది పాటు ఊరుకాని ఊళ్లో ఐదు వేలతో ఎలా బతకాలో ఆ రాసినవాళ్లు చెప్పాలి. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, మెషినిస్ట్ ట్రేడ్‌లు చదివిన అమ్మాయిలు నా దగ్గరికే వచ్చి అడిగారు. పని ఇవ్వగలను. ఈ వాడలో రాత్రి ఎనిమిది తర్వాత వాళ్లు ఎక్కడ ఉంటారన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పారిశ్రామిక వాడకు ఒక్కటైనా ప్రభుత్వ హాస్టల్ ఉంటే, ఆ ఒక్క కట్టడం ఎంతో ప్రోత్సాహక సొమ్ము చేయలేని పని చేస్తుంది.

తెలంగాణలో 65 ఐటీఐలను 2,324 కోట్ల రూపాయలతో, టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనిని 2024లో మల్లేపల్లిలో మొదలుపెట్టారు. కొత్త యంత్రాలు రావడం సంతోషం, పాత లేత్‌ల మీద కుస్తీ పట్టినవాడిగా మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే రోబో పక్కన నిలబడి నేర్పే అనుభవజ్ఞులు ఎంతమంది ఉంటారు? మా ఉస్తాద్ లాంటివాళ్లు పదో తరగతి కూడా దాటలేదు. వాళ్లను వారానికి రెండు రోజులు గౌరవంగా పిలిచి, గౌరవప్రదమైన డబ్బిచ్చి, ఐటీఐ పిల్లల ముందు నిలబెట్టడానికి ఏ నిబంధన అడ్డు వస్తోందో తీసేయాలి. మరో పదేళ్లలో ఆ తరం పని మానేస్తుంది. వాళ్ల చేతుల్లో ఉన్నది వాళ్లతోనే వెళ్లిపోతుందన్న భయం నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వడం లేదు.

అడుగుతున్నది పెద్ద చిక్కు పని కాదు. స్టైపెండ్‌లో ప్రభుత్వ వాటా చిన్న వర్క్‌షాపులకు సగం చేయండి. నేర్పే ఉస్తాద్ పేరు కూడా అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసి, ఆయన గంటలకు డబ్బు ఇవ్వండి. అందులో కొంత ఆపి, కుర్రవాడు బయటి పరీక్షకుడి ముందు తన చేత్తో ఒక వస్తువు చేసి చూపించాక ఇవ్వండి. మాలాంటి చోట్ల అన్ని యంత్రాలూ ఒకే కప్పు కింద ఉండవు. నా దగ్గర టర్నింగ్, పక్క షెడ్డులో మిల్లింగ్, ఆ పై వీధిలో గ్రైండింగ్. పలువురు యజమానులు కలిసి ఒక అప్రెంటిస్‌ను తమ మధ్య తిప్పుకుంటూ నేర్పవచ్చని చట్టంలో ఎప్పటి నుంచో ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని బాలానగర్‌లో అమలు చేసి చూపిస్తే, విజయవాడ ఆటోనగర్‌లో, గాజువాకలో అదే దారి పడుతుంది.

మేనల్లుడు ప్రస్తుతం నా దగ్గరే ఉన్నాడు. ఏ పథకం కిందా కాదు, నా జేబులోంచి ఇస్తున్నాను. ఉదయం రెండు గంటలు ఉస్తాద్ పక్కన, మిగతా పొద్దంతా బెంచి వైస్ దగ్గర. ఇరవై రోజులుగా ఒక ఇనుప ముక్కను రాస్తున్నాడు, మూడు వైపులు చదరంగా వచ్చాయి. వాడిని తిప్పి నేర్పడానికి మిల్లింగ్ షాపు ఒకటి, గ్రైండింగ్ షాపు ఒకటి కావాలి. బాలానగర్, ఫతేనగర్ చుట్టుపక్కల ఒప్పుకునేవారు ఉంటే ఈ పోస్టు కింద రాయండి. ముగ్గురం కలిస్తే దరఖాస్తు నేనే నింపుతాను, ఆఫీసు చుట్టూ తిరిగే పని కూడా నాదే.