ఇల్లు కడిగి చూడు, అడ్వాన్సు అడిగి చూడు

ఒంగోలులో అద్దె ఇల్లు తళతళలాడేది దాని జీవితంలో ఒకే ఒక్క రోజు. ఆ రోజు అందులో ఎవరూ కాపురం ఉండరు. లాయర్‌పేటకూ భాగ్యనగర్‌కూ, మూడు గదుల మేడకూ ఒంటి గది పోర్షన్‌కూ ఒకేలా వర్తించే నియమమిది. ఇంతటి నియమం మీద ఇంతవరకూ ఎవరూ గంభీరంగా ఆలోచించకపోవడం విచారకరం కనుక, ఆ భారం ఈ వ్యాసం నెత్తికెత్తుకుంటోంది.

నాలుగేళ్ళు బూజుకర్ర మొహం ఎరుగని గదికి, ఖాళీ చేసే ముందు చివరి రెండు రోజుల్లో జరిగే సేవ చూసి తీరాలి. సంతకు తోలే ముందు ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కట్టినట్టే ఉంటుంది. తేడా అల్లా, ఎద్దును కడిగినవాడికి ఎదురు డబ్బు వస్తుంది.

ముందు ముహూర్తం సంగతి. ఆషాఢంలో ఇల్లు మారకూడదు. మూఢంలో పాలు పొంగించకూడదు. ఒకటో తేదీ దాటితే ఇంకో నెల అద్దె కట్టాలి. పంచాంగమూ క్యాలెండరూ పక్కపక్కన పెట్టుకుని ఇవన్నీ ఎలాగో కుదుర్చుకున్నా, అసలు గ్రహం కుళాయి. సాగర్ కాలువ నీళ్ళను సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో నింపుకుని పొదుపుగా వదిలే ఊరు మనది. కుళాయి రాని రోజున ఇల్లు కడగాలంటే బోరు నీళ్ళే గతి. వాటితో కడిగిన గచ్చు ఆరాక తెల్లటి చారలు తేలి, కడగకముందే నయమనిపిస్తుంది. అందుకని అనుభవజ్ఞులు తిథి, వార, నక్షత్రాలతో పాటు నీళ్ళ రోజు కూడా చూసుకుంటారు. పంచాంగకర్తలు దీనికి ఇంకా ఒక గడి కేటాయించకపోవడం వాళ్ళకు అద్దె ఇళ్ళ బాధ లేకనే అయి ఉండాలి.

ఇక వంటగది. ఇక్కడ కొంచెం ఆగాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీది జిడ్డును చెంచాతో గీకితే పొరలు పొరలుగా ఊడుతుంది. అడుగున ఎప్పటివో సంక్రాంతి అరిసెలు, దాని మీద చేపల పులుసు తాలింపు, అన్నిటికీ పైన మొన్నటి మిరపకాయ బజ్జీలు. వంటగట్టు విషయం మరీ ప్రత్యేకం. మన జిల్లాలో గట్టు అంటే చాలా ఇళ్ళలో చీమకుర్తి నల్లరాయే. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయని వ్యాపారులు దానికి గెలాక్సీ అని పేరు పెట్టి ఓడల మీద దేశదేశాలకూ పంపుతున్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో మురిసిపోయి కొనుక్కునే ఆ రాయిని, గనులకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న మనం నాలుగేళ్ళ పాటు నూనె మరకల కింద భద్రంగా దాచి ఉంచుతాం. ఖాళీ చేసే ముందు రాత్రి వేడినీళ్ళు, సోడా ఉప్పు, పీచు పట్టుకుని తోముతుంటే ఓ మూలన మొదటి చుక్క బయటపడుతుంది. "ఏమండీ, ఇలా రండి, మన గట్టులో చుక్కలున్నాయి" అని ఇల్లాలు పిలుస్తుంది. ఆయన వస్తాడు. ఇద్దరూ కాసేపు చూస్తారు. సామాను లారీ పొద్దున ఆరింటికి.

స్నానాలగదిలో రసాయనశాస్త్రం ఎక్కువ. బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు కుళాయిల మీదా టైల్స్ మీదా తెల్లగా గట్టిపడి కూర్చుంటాయి. సబ్బుకు అవి లొంగవు. పొదలకూరు నిమ్మకాయ ఒక చెక్క తీసుకుని రుద్ది, అరగంట ఆగి కడిగితే కుళాయి తన పుట్టుక రంగుకు వస్తుంది. ఆ అరగంట ఆగే ఓపిక ఖాళీ చేసేవాడికి ఎక్కడిది? యాసిడ్ సీసా తెస్తాడు. పోయగానే బుసబుసమని నురగ పొంగుతుంది, కుటుంబమంతా సంతోషిస్తుంది. కింద ఉన్నవి కడప బండలో బేతంచెర్ల రాళ్ళో అయితే ఆ సంతోషం తడి ఆరేదాకే. అవి సున్నపురాళ్ళు. పైన పేరుకున్న మరకా, కింద పరిచిన బండా యాసిడ్ దృష్టిలో ఒకే కులం. రెండింటినీ సమభావంతో తింటుంది. ఇంకా ఉత్సాహం ఉన్నవాళ్ళు యాసిడ్ మీద బ్లీచింగ్ పౌడరు కూడా చల్లుతారు. అప్పుడు పుట్టేది క్లోరిన్ వాయువు. 1915లో ఈప్ర్ యుద్ధభూమిలో జర్మన్లు శత్రువుల మీదకు వదిలింది దాన్నే. అడ్వాన్సు కోసం అంతదాకా వెళ్ళనక్కరలేదని నా మనవి.

మేకుల బొక్కల్లో టూత్‌పేస్టు కూరి వేలితో సాపు చేసే కళ గురించి ఎక్కువ చెప్పను. గోడ తెల్లదైతేనే ఆ కళ రాణిస్తుందన్న జ్ఞానం కొందరికి ఆలస్యంగా కలుగుతుంది. లేతపచ్చ గోడ మీద వరసగా తెల్లచుక్కలు, గదంతా పుదీనా వాసన. పాత చీపురును కొత్త ఇంటికి పట్టుకుపోకూడదన్న నమ్మకం కొద్దీ దాన్ని తలుపు మూల వదిలి వెళతారు. చెత్త వదిలి వెళ్ళారన్న మాట ఆ చీపురు వల్లే వస్తుంది.

అన్నీ అయ్యాక తనిఖీ. ఓనరు గారు భార్యాసమేతంగా విచ్చేస్తారు. ఆయన ఫోను లైటు వేసి సజ్జ మీదకు చూస్తారు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా తలుపు పైఅంచు మీద చూపుడువేలు రాసి, ఆ వేలిని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురులో పరిశీలిస్తారు. తలుపు పైఅంచు! ఆ తలుపు చేసిన వడ్రంగి కూడా మళ్ళీ చూసి ఉండని చోటు అది. "ఇక్కడ కాస్త ఉండిపోయినట్టుందమ్మా" అంటారు, వేలు కొంగుకు తుడుచుకుంటూ. ఆయన సింకు కిందకు వంగి చూసి, స్విచ్చులన్నీ ఒకటికి రెండుసార్లు వేసి తీసి, "బాగానే ఉంచారు. పెయింటింగ్ ఖర్చు కింద ఒక నెల అద్దె పట్టుకుంటున్నాను, ఏమీ అనుకోకండి" అంటారు.

ఈ క్రతువు గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఆ నెల పట్టుకోవాలన్న నిర్ణయం నాలుగేళ్ళ కిందట అడ్వాన్సు చేతిలో పడ్డ రోజే జరిగిపోయింది. గోడలు తుడిచినా పట్టుకుంటారు, తుడవకపోయినా పట్టుకుంటారు. మర్నాడు పెయింటరు వచ్చి, మీరు రాత్రంతా తుడిచిన గోడనే గరుకు కాగితంతో గీకుతాడు. ఫలితం ఆశించకుండా కర్మ చెయ్యమన్న మాటను అక్షరాలా పాటిస్తున్నది ఈ దేశంలో అద్దెకుండేవాళ్ళే.

చట్టం చదివే దురలవాటు ఉన్న కొందరు ఇక్కడ అడ్డు తగులుతారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను, ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలంటూనే, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకూ, ఎదిరించలేని శక్తి వల్ల జరిగే మార్పులకూ మినహాయింపు ఇచ్చింది. మూడేళ్ళ పిల్లవాడి చేతిలోని రంగు పెన్సిలు ఎదిరించలేని శక్తి కాదని ఏ న్యాయస్థానం అనగలదు? రాష్ట్రాలు అనుసరించాలని కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం మరీ దారుణం. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు యజమాని బాధ్యతట. మురుగు తూములు శుభ్రం చేయించడం, కుళాయి వాషర్లు మార్చడం అద్దెదారు వంతట. నివాసానికైతే అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదట. ఈ మాటలు తనిఖీ సమయంలో వల్లించి చూడండి. ఓనరు గారు ఎంతో ఓపికగా విని, పెయింటింగుకు తోడు ప్లంబింగు అని ఇంకో పద్దు కలుపుతారు. చేరిన రోజే గదిగదికీ ఫొటోలు తీసి ఆయన ఫోనుకు పంపి ఉంచితే మేలంటారు తెలిసినవాళ్ళు. మేలే. కానీ స్టవ్వు మీద పాలు పొంగుతున్న శుభవేళ, బీటలువారిన వాష్‌బేసిన్‌ను నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసే మనసు ఎవరికి వస్తుంది?

కాబట్టి నా సూచన ఒక్కటే. మనుషులు లేని ఇంటికి దక్కుతున్న వైభవం మనుషులున్న ఇంటికీ దక్కాలి. రిజిస్ట్రేషను బాధ తప్పించుకోవడానికి మన ఒప్పందాలు ఎలాగూ 11 నెలలవే కదా. పదకొండో నెల రాగానే ఖాళీ చేస్తున్నామని ఓనరుకు చెప్పేయాలి. ఫ్యాన్ల రెక్కలు విప్పి తుడవాలి, గట్టు తోమి చుక్కలు చూసుకోవాలి, సజ్జ మీద దాచిన మిక్సీ అట్టపెట్టెను పారేయాలి. తనిఖీ కూడా కానివ్వాలి. ఒకటో తేదీ పొద్దున్నే వెళ్ళి, ఏవో కారణాల వల్ల ఆగిపోతున్నామని చెప్పి, మెరుస్తున్న ఆ ఇంట్లో కనీసం నెల రోజులైనా కాపురం ఉండాలి.

ఈ పథకానికి అడ్డంకి ఒకటుంది. మీరు చెప్పిన సాయంత్రానికే గేటుకు టులెట్ బోర్డు వేలాడుతుంది. మర్నాటి నుంచి ఇల్లు చూడవచ్చినవాళ్ళు మీ గట్టును చూసి ముచ్చటపడతారు. ఆగిపోతున్నామని చెప్పడానికి మీరు వెళ్ళేసరికి ఓనరు గారు మిమ్మల్ని ఆప్యాయంగా కూర్చోబెట్టి, "ఉండండి, దానికేముంది? ఇల్లు ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ మాకే తెలియలేదు. ఇంకో వెయ్యి కలిపి ఇవ్వండి" అంటారు.