మేనేజ్డ్ స్విచ్ గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌లో ఒక్క పాయింటే పనికొస్తుంది

“ఇంట్లో మేనేజ్డ్ స్విచ్ పెట్టుకోండి, నెట్ స్పీడ్ డబుల్, సీసీ కెమెరాలకు ఫుల్ సెక్యూరిటీ, అందరికీ షేర్ చేయండి” అంటూ ఎనిమిది పాయింట్ల మెసేజ్ ఒకటి అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, మా బావమరిది కూడా పంపి “చూశావా బావా” అన్నాడు. చూశాను. మేనేజ్డ్ స్విచ్ అంటే రూటర్ నుంచి వచ్చే నెట్‌ను కేబుళ్లతో ఇంట్లో చాలా వస్తువులకు పంచే పెట్టె, బ్రౌజర్‌లో దాని పేజీ తెరిచి సెట్టింగులు మార్చుకోవచ్చు. పంపినవాళ్లలో ఎవరూ ఆ స్విచ్ పెట్టినట్టు లేరు, పెట్టి ఉంటే మెసేజ్ ఎప్పుడో డిలీట్ చేసేవాళ్లు.

స్పీడ్ సంగతి ముందు తేల్చేద్దాం. మీరు డబ్బు కట్టేది 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి అయితే ఎంత ఖరీదైన స్విచ్ పెట్టినా బయటి నుంచి వచ్చేది ఆ వందే. కానీ “రూటర్ నుంచి స్విచ్‌కి రెండు కేబుళ్లు వేయండి, డబుల్ వస్తుంది” అన్నారు చూడండి, అది అబద్ధమే కాదు, ఇల్లంతా నెట్ పడగొట్టే సలహా కూడా. రెండు కేబుళ్లనూ ఒకే లింకుగా కలపాలంటే రెండువైపులా ఆ సెట్టింగ్ ఉండాలి, కంపెనీవాళ్లు ఇచ్చే మామూలు ఫైబర్ రూటర్లలో అది ఉండదు. సెట్టింగ్ లేకుండా రెండు తీగలూ గుచ్చితే లూప్ పడుతుంది. లూప్‌ను ఆపే ఆప్షన్ స్విచ్‌లో ఆన్ చేసి లేకపోతే ఒకే ప్యాకెట్ (డేటా ముక్క) చుట్టూ చుట్టూ తిరుగుతూ పెరిగిపోతుంది, పోర్టుల లైట్లన్నీ ఒకే ఊపున టపటపా కొట్టుకుంటాయి, టీవీ, ఫోన్, కెమెరా ఏదీ పని చేయదు. ఇక అందరూ కస్టమర్ కేర్‌కి ఫోన్లు.

క్యాట్-8 కేబుల్ తప్పనిసరి అట. అక్కర్లేదు, గిగాబిట్‌కి (1000 ఎంబీపీఎస్) క్యాట్-5ఈ 100 మీటర్ల దాకా సరిపోతుంది. అసలు చూడాల్సింది వేరే ఉంది: కేబుల్‌లో ఎనిమిది తీగలుంటే కొందరు ప్లగ్‌లో నాలుగే క్రింప్ చేసి వెళ్లిపోతారు, అప్పుడు లింక్ 100 దగ్గరే ఆగిపోతుంది. స్విచ్‌లో పోర్ట్ స్టేటస్ పేజీ తెరిస్తే 1000 అని ఉండాల్సిన చోట 100 అని కనిపిస్తుంది. మేనేజ్డ్ స్విచ్ కొన్నందుకు మొదటి లాభం అదే, మెసేజ్‌లో మాత్రం దాని ఊసే లేదు.

తర్వాతది, “బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టండి, ఓపెన్ కాకపోతే డిఫెక్ట్ పీస్, వాపస్ ఇచ్చేయండి.” ఎందుకయ్యా వాపస్? ఒక్కో కంపెనీ ఒక్కో అడ్రస్ పెడుతుంది. టీపీ-లింక్ చిన్న స్విచ్‌లలో చాలావాటికి ఈ అడ్రసే, నెట్‌గేర్‌లో చాలావాటికి 192.168.0.239, మైక్రోటిక్‌కి 192.168.88.1. మీ ఇంట్లో జియో ఫైబర్ ఉంటే ల్యాప్‌టాప్‌కి 192.168.29 తో మొదలయ్యే అడ్రస్ వస్తుంది, అక్కడి నుంచి 192.168.0.1 ఎంత కొట్టినా స్విచ్ పలకదు, ఎందుకంటే రెండూ వేర్వేరు వరుసల్లో ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, కేబుల్ కనెక్షన్‌కి చేత్తో 192.168.0.50, మాస్క్ 255.255.255.0 ఇచ్చి, అప్పుడు తెరవండి. కొన్ని స్విచ్‌లు రూటర్‌కి కలిపి ఉంటే దాని దగ్గర్నుంచే అడ్రస్ తీసుకుంటాయి, వాటికైతే రూటర్ పేజీలో కనెక్టెడ్ డివైసెస్ లిస్టు తెరిచి, స్విచ్ అడుగున స్టిక్కర్ మీదున్న మ్యాక్ అడ్రస్‌తో పోల్చి చూస్తే సరి. పది నిమిషాల పనికి మంచి వస్తువును రిటర్న్ పెట్టించారు.

వీల్యాన్ చేస్తే కెమెరాలను ఎవరూ హ్యాక్ చేయలేరన్నది ఇంకోటి. వీల్యాన్ ఒకే స్విచ్‌లో పోర్టులను గుంపులుగా విడదీస్తుంది, అంతవరకే. విడదీసిన గుంపుకి నెట్ ఇవ్వాలన్నా, ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో తేల్చాలన్నా వీల్యాన్‌లు తెలిసిన రూటర్ ఉండాలి, లేకపోతే కెమెరాకి అడ్రసే రాదు, యాప్‌లో నల్ల తెర, ఇంట్లో టెన్షన్. పైగా కెమెరా పోర్టును 20వ నంబరు వీల్యాన్‌లో చేర్చి, పీవీఐడీని (ఆ పోర్టులోకి వచ్చేది ఏ గుంపుకి పోవాలో చెప్పే నంబరు) 1 గానే వదిలేస్తే కెమెరా పంపేది ఇంకా పాత గుంపులోకే పోతుంది. ఆ పీవీఐడీ సంగతి రాసినవాళ్లకు తెలియదని చదివితేనే అర్థమవుతుంది.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన ఆరో పాయింటు. “స్విచ్ ఇంట్లోదే కాబట్టి అడ్మిన్, అడ్మిన్ అలాగే ఉంచండి, మర్చిపోరు. ఆఫీసు నుంచి చూడాలంటే రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టుకోండి.” రెండు వాక్యాలూ పక్కపక్కన రాశారు! ఒకటి ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అలాగే ఉంచి తాళం తీసేస్తోంది, రెండోది బయటి ఇంటర్నెట్ నుంచి ఇంట్లో వస్తువుకి దారి ఇచ్చి తలుపు వీధివైపు తెరుస్తోంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ చేసింది సరిగ్గా ఇదే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు అరవై పైచిలుకు దగ్గర పెట్టుకుని, ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న కెమెరాలు, డీవీఆర్‌లు (కెమెరా రికార్డర్లు), రూటర్ల మీద ఒక్కోటీ ప్రయత్నిస్తూ పోయింది, లోపలికి వెళ్లిన వస్తువులన్నిటినీ సైన్యంగా చేసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న ఆ సైన్యం డైన్ అనే డీఎన్ఎస్ (సైట్ పేరుకి దాని అడ్రస్ చెప్పే సేవ) కంపెనీ మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. ఎవరింటి కెమెరా అందులో ఉందో ఆ ఇంటివాళ్లకు తెలియను కూడా తెలియదు. మన ఇళ్లలో ఇలాంటి వస్తువులు అప్పటికంటే ఎక్కువ. చవక స్విచ్‌ల లాగిన్ పేజీ చాలావరకు హెచ్‌టీటీపీ, అంటే మీరు ఆఫీసు వైఫై నుంచి టైప్ చేసిన పాస్‌వర్డ్ గుప్తం కాకుండా దారంతా అలాగే పోతుంది. చాలా కనెక్షన్లు సీజీన్యాట్ (ఒకే పబ్లిక్ అడ్రస్‌ను కంపెనీ చాలా ఇళ్లకు పంచే పద్ధతి) వెనక ఉంటాయి కాబట్టి ఈ సలహా కొందరిళ్లలో పని చేయదు, వాళ్లు బతికిపోయారు. పని చేసినవాళ్ల సంగతేంటి? దూరం నుంచి స్విచ్ చూడాల్సిన అవసరం ఇంట్లో ఎవరికుంది? ఉంటే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి గుప్తమైన దారి) పెట్టుకోవాలి, స్విచ్ పేజీని లోకానికి చూపించకూడదు.

రోజూ రాత్రి స్విచ్ ఆఫ్ చేయాలన్న పాయింటు మీద వాదించను, అవసరం లేదు. కాకపోతే కొన్ని మోడళ్లలో మార్పులు చేశాక విడిగా సేవ్ కాన్ఫిగ్ నొక్కాలి. నొక్కకుండా ఆఫ్ చేస్తే, లేదా కరెంటు పోతే, మీరు చేసిందంతా పోతుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. “కొత్త స్విచ్‌కి మొదట ల్యాప్‌టాప్ ఒక్కటే కలపండి, రూటర్ వద్దు” అన్న పాయింటు నూటికి నూరు శాతం కరెక్ట్. చాలా రూటర్ల అడ్రస్ కూడా 192.168.0.1 కావడంతో రెండూ ఒకేచోట ఉంటే ఏ పేజీ తెరుచుకుంటుందో చెప్పలేం, మీరు స్విచ్ అనుకుని రూటర్ సెట్టింగులు మార్చేసే ప్రమాదం ఉంది. చాలామంది గైడ్లు రాసేవాళ్లే ఇది చెప్పరు. ఈ మెసేజ్ చెప్పింది, మెచ్చుకోవాల్సిందే.

మీ గ్రూపులో ఎవరైనా ఆరో పాయింటు ఇప్పటికే చేసి ఉంటే ఈరోజే ఫోన్ చేయండి. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ తెరిపించి ఆ లైన్ తీసేయించండి, పక్కనే డీఎంజెడ్ (బయటి నుంచి వచ్చేదంతా ఒకే వస్తువుకి వదిలే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో కూడా చూడమనండి, ఆ తర్వాత స్విచ్, కెమెరా, రూటర్ మూడింటి పాస్‌వర్డ్‌లూ మార్పించి సేవ్ కాన్ఫిగ్ నొక్కించండి.