తువ్వాలుతో బయటికొచ్చిన థ్రెడ్

విశాఖలో రుషికొండ మీద మా ఆఫీసులో రోజూ తెల్లవారుజామున మూడింటికి సర్వర్‌ని ఆపి మళ్లీ లేపుతారు. సింహాచలం కొండమీద అప్పన్నకి సుప్రభాతం ఎంత నిష్ఠగా జరుగుతుందో ఇదీ అంతే నిష్ఠగా జరుగుతుంది. ఈమధ్యే చేరిన ఒక అమ్మాయి "దీని అవసరం లేకుండా చెయ్యొచ్చు సార్" అంది. ఆచారాల మీద ఇంత బాహాటంగా దాడి జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం నాలాంటి బాధ్యతగల ఉద్యోగికి తగదు. అందుకే ఈ వ్యాసం.

ముందు సర్వర్ సంగతి. గాజువాక వైపు నుంచి పోర్టుకొచ్చే లారీలు ఎక్కడున్నాయో చూపించడం దాని పని. లారీకో చిన్న పెట్టె, పెట్టెకో కనెక్షన్. ఆ ఒక్క కనెక్షన్‌తో ముగ్గురికి పని. ప్రోగ్రాంలో ఎవరిపాటికి వాళ్లు ఒకేసారి నడిచే ఈ పనివాళ్లనే థ్రెడ్లంటారు. ఒక థ్రెడ్ లారీ చెప్పేది చదువుతుంది, ఇంకోటి జవాబు పంపుతుంది, మూడోది టైమర్; ఉలుకూ పలుకూ లేని లారీని గెంటేస్తుంది. ఎవరి పని ఎప్పుడు తెములుతుందో ఎవరికీ తెలీదు. అందుకని కనెక్షన్ నెత్తిన ఒక అంకె పెట్టారు. పట్టుకున్నవాడు ఒకటి కలపాలి, వదిలినవాడు ఒకటి తియ్యాలి, సున్నా చేసినవాడు సాకెట్ (కనెక్షన్‌కి తెరిచి ఉంచిన ద్వారం) మూసి మెమరీ తిరిగిచ్చెయ్యాలి. రిఫరెన్స్ కౌంటింగ్ అంటే ఇంతే. 1960లో జార్జ్ కాలిన్స్ ఈ పద్ధతి ప్రచురించేనాటికి ఒకే కనెక్షన్ మీద ముగ్గురు ఎగబడే రోజులు ఇంకా రాలేదు. అదృష్టవంతుడు.

మా సీనియర్ గారు ఆ అంకెని "కౌంట్ ప్లస్ ప్లస్" అని రాశారు. చూడముచ్చటగా ఉంటుంది. ఒక్క ముక్కలా కనపడుతుంది. లోపల మాత్రం మూడు ముక్కలు: అంకె చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం. ఆ మూడింటి మధ్యలో ప్రాసెసర్‌లో పక్కనే నడిచే ఇంకో కోర్ వేలు పెడితే ఏమవుతుందో నాకు కంప్యూటర్ పుస్తకాల్లో అర్థం కాలేదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మా బావ నడిపే లాడ్జిలో అర్థమైంది.

గిరి ప్రదక్షిణ రోజులు. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడవడానికి జిల్లాల నుంచి జనం దిగారు. లాడ్జికి ముందు ఒక గేటు, వెనక ఒక గేటు, గేటుకో కుర్రాడు, ఇద్దరికీ మధ్యలో ఒకే రిజిస్టరు. ఏ గదిలో ఎంతమంది ఉన్నారో అందులో అంకె. సున్నా అయితే దుప్పట్లు మార్చి ఇంకొకరికి ఇచ్చెయ్యడమే. పన్నెండో నంబరు గదిలో ఇద్దరు: ఒక పెద్దాయన, ఆయన భార్య. పెద్దాయన స్నానానికెళ్లాడు. సరిగ్గా అప్పుడే ఆయన బావమరిది వెనక గేటులోంచి వచ్చాడు, ఆవిడ పూలకని ముందు గేటులోంచి వెళ్లింది. ఇద్దరు కుర్రాళ్లూ రిజిస్టరు చూశారు. ఇద్దరికీ రెండే కనపడింది. ఒకడు కలిపి మూడు రాశాడు. వాడి చెయ్యి తీసీతీయగానే రెండోవాడు, తను తీసేసిన లెక్క ప్రకారం, దాన్ని కొట్టేసి ఒకటి రాశాడు. కాసేపటికి బావమరిది టీకని బయటికెళ్లాడు. ఒకట్లోంచి ఒకటి పోతే సున్నా. గది ఇచ్చేశారు.

పెద్దాయన తువ్వాలు కట్టుకుని బయటికొచ్చేసరికి మంచం మీద శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం ఇడ్లీ తింటోంది.

దీన్ని మావాళ్లు "యూజ్ ఆఫ్టర్ ఫ్రీ" (ఇచ్చేశాక కూడా వాడడం) అంటారు. పెద్దాయన మర్యాదస్తుడు కాబట్టి కేకలేశాడు. థ్రెడ్ కేకలెయ్యదు. తన గదే అనుకుని ఎదుటివాళ్ల ప్లేట్లో చెయ్యి పెట్టి, వాళ్ల ఇడ్లీ మీద తన లారీ నంబరు రాసేస్తుంది. మా సర్వర్‌లో ఆనందపురం దగ్గరున్న లారీ ఒకసారి సముద్రంలో తేలింది. కస్టమర్ ఫోన్ చేస్తే "జీపీఎస్ సార్" అన్నాం.

ఆ కుర్రాళ్లు రాసిన వరస తిరగబడి ఉంటే, అంటే ఒకటి ముందు, మూడు తర్వాత పడి ఉంటే, గది ఖాళీ అయ్యాక కూడా రిజిస్టర్లో ఒకడు మిగిలిపోతాడు. ఆ గది ఇక ఎప్పటికీ ఎవరికీ ఇవ్వరు. అది లీక్. గది దండగే గానీ తువ్వాలు పరువు దక్కుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మా సీనియర్ గారి దర్శనమంతా దీనిమీదే నిలబడింది.

డెమోలో ఇదేదీ రాలేదు. రాదు కూడా. డెమోలో లారీలు రెండు, అందులో ఒకటి నా ఫోనే. అసలు సర్వర్ మీద మాత్రం వారానికో పది రోజులకో, అదీ రాత్రిపూట, కుప్పకూలేది. ఎక్కడ పోతోందో చూద్దామని ఒక ప్రింట్ లైను పెట్టాం. పోవడం మానేసింది! ప్రింటుకి పట్టే ఆ రవ్వంత ఆలస్యానికి ఇద్దరు కుర్రాళ్లూ ఒకేసారి రిజిస్టరు చూడ్డం తప్పిపోయింది కాబోలు. ఆ లైను ఇప్పటికీ ఉంది. పైన "తియ్యొద్దు" అని కామెంట్ ఉంది. కొత్తింటికి గుమ్మడికాయ కట్టినవాళ్లెవరూ దీన్ని చూసి నవ్వకూడదు.

నెల తర్వాత లారీలు పెరిగాయి, గుమ్మడికాయ కుళ్లింది. అప్పుడు సీనియర్ గారు తమ మహత్తర చికిత్స చేశారు. కనెక్షన్ పుట్టినప్పుడే లెక్కలో ఒకటి ఎక్కువ వేసేశారు. ఇక అది సున్నాకి దాదాపు రాదు. సున్నా కాకపోతే గది ఎవరికీ ఇవ్వరు, ఇవ్వకపోతే ఇడ్లీ గొడవ లేదు. లైనక్స్‌కి సాకెట్ కూడా ఫైలు లెక్కే. సాకెట్లు మూసుకోకపోవడంతో రెండో రోజుకే "టూ మెనీ ఓపెన్ ఫైల్స్" అని సర్వర్ చేతులెత్తేసింది. చాలా లైనక్స్ యంత్రాల్లో ఒక ప్రోగ్రాం ఒకేసారి తెరవడానికి మామూలుగా ఇచ్చే వాటా 1024 ఫైళ్లు. దాన్ని పెంచారు. మెమరీ నిండింది. మెమరీ కొన్నారు. అదీ నిండింది. అలా అవతరించింది మూడింటి రీస్టార్ట్.

ఇందులో ఒక చమత్కారం ఉంది. మూడింటికి సర్వర్ లేవగానే లారీలన్నీ ఒక్కసారిగా మళ్లీ తగులుకుంటాయి. ప్రదక్షిణ నాటి జనం అంతా అదే నిమిషంలో గేటు దగ్గర. లెక్క తప్పడానికి అంతకంటే శుభముహూర్తం దొరకదు. అంటే రోగానికి మందు వేసే వేళే రోగం ముదిరే వేళ. ఈ సమతౌల్యం మా ఆఫీసులో తప్ప ప్రకృతిలో ఎక్కడా చూడలేదు.

ఇక ఆ అమ్మాయి మాట. అంకెని అటామిక్ చెయ్యాలంటుంది. చదవడం, కలపడం, రాయడం విడదీయరాని ఒకే పని అవ్వాలట. ఇంటెల్ ప్రాసెసర్లలో దానికి లాక్ అనే ముందుమాట ఎప్పట్నుంచో ఉందట. "స్లో అయిపోదూ?" అని సీనియర్ గారు నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. ఒకే అంకెని పది కోర్లు లాక్కుంటే, అది కూర్చున్న 64 బైట్ల కాష్ లైన్ (కోర్ దగ్గరి మెమరీలో ఒక ముక్క) కోర్ నుంచి కోర్‌కి బంతిలా తిరుగుతుంది. కానీ ఆ అమ్మాయి "అది నానోసెకన్ల లెక్క సార్, లారీ ప్యాకెట్ రావడానికే పదుల మిల్లీసెకన్లు పడుతోంది" అంది. పెద్దల ముందు ప్రమాణాలు మార్చి మాట్లాడ్డం ఈ తరానికి అలవాటైపోయింది.

అంతటితో ఆగిందా? అటామిక్ ఒక్కటే చాలదంది. టైమర్ థ్రెడ్ పట్టికలో లారీ నంబరు వెతుకుతుంది, కనెక్షన్ చిరునామా దొరుకుతుంది, లెక్కలో ఒకటి కలిపేలోపు ఇంకెవరో సున్నా చేసి పారేస్తారు. కింద కౌంటర్లో "పన్నెండులో ఉన్నారండి" అని చెప్పించుకుని మెట్లెక్కిన చుట్టంలా, పైకెళ్లేసరికి గదిలో వేరేవాళ్లు. అందుకని వెతకడం, కలపడం రెండూ ఒకే తాళం కింద జరగాలి. లేదా అంకె అప్పటికే సున్నా అయితే కలపకుండా వెనక్కి రావాలి, అదీ ఆ గది ఇంకా కూల్చలేదని హామీ ఉంటేనే. సీ ప్లస్ ప్లస్‌లో 2011 నుంచి ఉన్న, లెక్క తనే చూసుకునే షేర్డ్ పాయింటర్ వాడినా ఈ మెలిక తప్పదట. లోపలి లెక్క అటామికే గానీ, ఒకే పాయింటర్ వేరియబుల్‌ని ఒక థ్రెడ్ మారుస్తుంటే ఇంకోటి చదివితే పూచీ లేదు. దానికి 2011 నుంచే వేరే ఫంక్షన్లు ఉన్నాయి, అటామిక్ షేర్డ్ పాయింటర్ మాత్రం 2020 ప్రమాణంలో గానీ రాలేదు.

రస్ట్ అనే భాష మరీ అన్యాయం. మామూలు ఆర్‌సీని (అటామిక్ కాని లెక్క ఉన్న పాయింటర్‌ని) ఒక థ్రెడ్ నుంచి ఇంకోదానికి ఇవ్వబోతే, ప్రోగ్రాంని యంత్రభాషలోకి మార్చే కంపైలరే గుమ్మంలో ఆపేస్తుంది. వెళ్లి అటామిక్ లెక్క ఉన్న ఏఆర్‌సీ తెచ్చుకోవాలి. తప్పు చేశాక దొరకడం మన పద్ధతి. చెయ్యకముందే పట్టుకుంటే ఇక అనుభవం ఎలా వస్తుంది?

సీనియర్ గారు ఓడిపోయే మనిషి కాదు. 2016లో లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్లో కీరింగ్ (రహస్య తాళంచెవుల గుత్తి) లెక్క 32 బిట్లు దాటి చుట్టుతిరిగి సున్నాకి వచ్చిన లోపం బయటపడింది. 2017లో కెర్నెల్‌వాళ్లు రెఫ్‌కౌంట్ అనే కొత్త రకం తెచ్చారు. లెక్క హద్దు దాటితే అది పైనే బిగుసుకుపోతుంది, వదలదు. పొరపాటున పారెయ్యడం కంటే లీకే నయమని వాళ్ల లెక్క. "చూశావా? కెర్నెల్లోనూ నా సిద్ధాంతమే!" అన్నారాయన. వాళ్లు రెండు వందల కోట్లు దాటాక చివరి దిక్కుగా చేసే పని ఈయన మొదటి కనెక్షన్‌కే చేశారన్నమాట. దూరదృష్టి అంటే అదీ.

ఈ తగువు చెబితే మా బావ నవ్వాడు. పెద్దాయన గొడవయ్యాక లాడ్జిలో రిజిస్టరుకి ఒకే పెన్ను, దారంతో కట్టేశాడు. పెన్ను చేతిలో ఉన్నవాడే అంకె చూడాలి, వాడే రాయాలి, రాసాకే వదలాలి.

"గేటు దగ్గర లేటవదా బావా?" అన్నాను.

"అవుద్ది. అయితే ఏటి? ఇడ్లీ డబ్బులు నాను కట్టక్కర్లేదు."

చివరికి ఆ అమ్మాయి మార్పు రాసింది. పదకొండు లైన్లు. థ్రెడ్ల మధ్య ఇలాంటి తోపులాటలు పసిగట్టే థ్రెడ్ శానిటైజర్ పెట్టి నడిపితే పాతదానికి హెచ్చరికలు పేజీలకి పేజీలు, కొత్తదానికి ఒక్కటీ లేదు. మరి మూడింటి రీస్టార్ట్ తీసేద్దామా అన్నారు. ఎవరెవరికి దానితో పనుందో కనుక్కుందామని మెయిల్ పెట్టాం. లాగ్ ఫైళ్లు మారేది ఆ రీస్టార్ట్‌తోనేనట. పొద్దున్న వెళ్లే లారీల నివేదిక అది ముగిశాకే మొదలవుతుందట. సర్వర్ ఆగినప్పుడు వచ్చే ఎస్సెమ్మెస్ వాచ్‌మన్ ఫోన్‌కి కూడా వెళ్తోంది. ఆయన దానికే లేచి నీళ్ల మోటారు వేస్తున్నాడు. ఇంకా ఎంతమంది పట్టుకుని ఉన్నారో తెలీదు. ఆ లెక్క ఎవరూ రాయలేదు.