చక్రవర్తి ఏడ్చాడు: తిరుగుతున్న ఒక 'స్టోయిక్' పోస్టుకు జవాబు

వాట్సాప్‌లోనూ రీల్స్‌లోనూ ఈ మధ్య ఒకటే సరుకు రకరకాల రూపాల్లో తిరుగుతోంది. వెనక పాలరాతి విగ్రహం, గంభీరమైన మ్యూజిక్, మీద నాలుగు ఆజ్ఞలు. ఏడవకు, మనసును రాయి చేసుకో. నీ చేతుల్లో లేనిదాన్ని వదిలెయ్. నీ బాధ ఎవరికీ చెప్పుకోకు. డిప్రెషన్ బలహీనుల జబ్బు, దానికి డాక్టర్లెందుకు, స్టోయిక్ తత్త్వం చాలు. కింద రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ పేరు. స్టోయిక్ తత్త్వమంటే, జరిగేవాటి గురించి మన ఆలోచన సరైనదో కాదో చూసుకోమనే ప్రాచీన గ్రీకు, రోమన్ తత్త్వం; మార్కస్ దాన్ని నమ్మినవాడు. పంపేవాళ్లలో చాలామందికి దురుద్దేశమేమీ లేదు. ఉద్యోగం పోయిన తమ్ముడికో, పరీక్ష తప్పిన పిల్లాడికో ధైర్యం చెబుదామని పంపుతున్నారు. అందుకే దీన్ని చూసీచూడనట్టు వదిలెయ్యలేకపోతున్నాను. ఆ నాలుగింటిలో మూడు పూర్తిగా తప్పు, ఒకటి సగానికి కోసేసిన నిజం.

"ఏడవకు, రాయిలా ఉండు." ఎవరి పేరు మీద ఈ మాట తిప్పుతున్నారో ఆయనే ఏడ్చాడు. మార్కస్ క్రీ.శ. 161 నుంచి 180 దాకా రోమ్‌ను ఏలాడు. ఆయన ఏలుబడి చివరి రోజుల్లో స్మిర్నా, అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్, భూకంపానికి నేలమట్టమైంది. ఏలియస్ అరిస్టైడీస్ అనే వక్త ఆ శిథిలాల గురించి ఆయనకు ఉత్తరం రాశాడు. పాడుబడిన ఊరి మీదుగా పడమటి గాలి వీస్తోందన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి చక్రవర్తి కన్నీళ్లు ఆ ఉత్తరం మీదే రాలాయని ఫిలోస్ట్రాటస్ అనే ప్రాచీన గ్రీకు రచయిత రాశాడు. ఆ తర్వాత ఊరిని మళ్లీ కట్టించడానికి మార్కస్ ఒప్పుకున్నాడు.

ఇంకో రోమన్ స్టోయిక్, సెనెకా మాటేమిటి? మిత్రుడు లూసిలియస్‌కు రాసిన 63వ లేఖలో, స్నేహితుడు పోయినప్పుడు కళ్లు పొడిగానూ ఉండకూడదు, ఏరులై పారనూ కూడదు అంటాడు. అదే ఉత్తరంలో, తన మిత్రుడు అన్నేయస్ సెరెనస్ చనిపోయినప్పుడు తాను ఆ హద్దు దాటి ఏడ్చానని కూడా ఒప్పుకుంటాడు.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైనది ఆలస్ గెల్లియస్ అనే రోమన్ రచయిత చెప్పిన ఓడ కథ. రెండో శతాబ్దంలో ఆయన గ్రీస్ వైపు నుంచి ఇటలీలోని బ్రుండీసియంకు ఓడలో వెళ్తున్నాడు. రాత్రి తుఫాను పట్టుకుంది. ఓడలో నీళ్లు తోడుతున్నారు, జనం గగ్గోలు పెడుతున్నారు. అదే ఓడలో ఏథెన్స్‌లో పేరున్న ఒక స్టోయిక్ గురువు ఉన్నాడు. ఈయనెలా ఉంటాడో చూద్దామని గెల్లియస్ ఆయన ముఖం వంకే చూశాడు. అరవలేదు, ఏడవలేదు గానీ ముఖం మాత్రం అందరిలాగే పాలిపోయింది. గాలి తగ్గగానే ఆసియా నుంచి వచ్చిన ఒక డబ్బున్న ఆసామి ఎగతాళికి దిగాడు: నాకేమీ కాలేదు, తత్త్వవేత్తవి నీకెందుకయ్యా అంత భయం? తర్వాత గెల్లియస్ మర్యాదగా అడిగితే, గురువు తన సంచిలోంచి ఎపిక్టెటస్ అనే ప్రసిద్ధ స్టోయిక్ గురువు బోధనల ఐదో భాగం తీసి చూపించాడు. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే, ప్రమాదం మీద పడితే జ్ఞానికైనా గుండె అదురుతుంది, ముఖం పాలిపోతుంది, అది ఎవరి అదుపులోనూ ఉండదు. 'అయిపోయింది, అంతా నాశనమైంది' అని ఆ అదురుపాటుకు వంత పాడాలా వద్దా అన్నది మాత్రం మన ఇష్టం. అందులో ఉన్నది ఇంతే. ఆ ఎగతాళి చేసిన ఆసామి ఇప్పుడుంటే రీల్స్ చేసుకునేవాడేమో!

ఒక మాట ఒప్పుకోవాలి. స్టోయిక్కులు మెత్తటివాళ్లేమీ కాదు. కోపాన్ని కొంచెం కూడా మిగుల్చుకోవద్దన్నాడు సెనెకా. బిడ్డను ముద్దాడేటప్పుడు ఇది చావున్న ప్రాణమని గుర్తుంచుకో అన్నాడు ఎపిక్టెటస్. ఆ మాట నాకు ఎన్నిసార్లు చదివినా మింగుడుపడదు. అయినా వాళ్లు పరీక్షించమన్నది బాధ వెనకున్న ఆలోచనను. బాధను పళ్ల బిగువున అదిమిపెట్టమనలేదు. ఆ అదిమిపెట్టడం పనిచేయదని ఈ కాలపు ప్రయోగాలూ చెబుతున్నాయి. 1993లో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి అసహ్యం పుట్టించే సినిమా ముక్కలు చూపించి, ముఖంలో ఏమీ తెలియనివ్వొద్దన్నారు. వాళ్లు ముఖాలైతే దాచగలిగారు. లోపలి అసహ్యం తగ్గలేదు, అరచేతుల్లో చెమట లాంటి గుర్తులు ఇంకా పెరిగాయి. ఇక రాయి సంగతి: నేను విగ్రహంలా చలనం లేకుండా ఉండకూడదు, కొడుకుగా, సోదరుడిగా, తండ్రిగా, పౌరుడిగా నా బంధాలు నిలుపుకోవాలి అన్నది ఎపిక్టెటస్ మాటే. పోస్టు వెనకాల విగ్రహం పెట్టినవాళ్లు ఇది చదివి ఉండరు.

"నీ చేతుల్లో లేనిదాన్ని వదిలెయ్." ఇదే ఆ సగం నిజం. కొన్ని మన చేతుల్లో ఉంటాయి, కొన్ని ఉండవు అన్నదానితోనే ఎపిక్టెటస్ చేతిపుస్తకం మొదలవుతుంది. కానీ ఆ విభజన చేసింది ఉన్న పని వదిలెయ్యడానికి కాదు. ఒక అధికారి ఆయన దగ్గరికి వచ్చి, నా కూతురికి జబ్బు చేస్తే చూడలేక ఇంట్లోంచి వెళ్లిపోయాను, నయమైందని కబురొచ్చాకే తిరిగొచ్చాను అన్నాడు. అంత ప్రేమ మరి! ఎపిక్టెటస్ నిలదీశాడు: ఆ పిల్లకు తల్లి లేదా, దాది లేదా, వాళ్లూ నీలాగే ప్రేమతో వెళ్లిపోయి ఉంటే? నీకు జబ్బు చేస్తే నీవాళ్లు నిన్ను ఇలాగే ప్రేమించాలా? జ్వరం తండ్రి చేతుల్లో లేదు, మంచం పక్కన కూర్చోవడం ఉంది. మన ఇళ్లలో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు వచ్చిన రోజు తీసుకోండి. ర్యాంకు ఇక మారదు. దాని గురించి పిల్లాడిని తిట్టడం మానెయ్యడం, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు ఏ వరుసలో పెట్టాలో వాడితో కూర్చుని చూడటం మాత్రం చేతుల్లోనే ఉన్నాయి. 'మన రాత ఇంతే' అని టీవీ పెట్టుకుంటే దానికి స్టోయిక్ పేరెందుకు, బద్ధకం అంటే సరిపోతుంది.

"ఎవరికీ చెప్పుకోకు." మార్కస్ తన డైరీ లాంటి పుస్తకంలో, ఏడో భాగంలో, తనకు తానే రాసుకున్నాడు: సాయం తీసుకోవడానికి సిగ్గుపడకు. కోటగోడ ఎక్కాల్సిన సైనికుడివి నువ్వు, కాలు కుంటిదై ఒక్కడివే ఎక్కలేకపోతే, ఇంకొకడి చేయి పట్టుకుని ఎక్కితే ఏం? సెనెకా 78వ లేఖ మరీ సూటిగా ఉంటుంది. కుర్రతనంలో విడవని జలుబు జబ్బుతో చిక్కిపోయి, బతుకు చాలించుకుందామని చాలాసార్లు అనుకున్నాడట. ముసలి తండ్రి తట్టుకోలేడన్న ఆలోచన ఆపింది. మంచం పక్కన గంటలకొద్దీ కూర్చుని కబుర్లు చెప్పిన స్నేహితులు తన ఆరోగ్యానికి చాలా సాయపడ్డారని రాశాడు.

"డిప్రెషన్‌కు డాక్టర్ అక్కర్లేదు." నాలుగింటిలో ప్రమాదకరమైనది ఇదే. మార్కస్‌కు గేలెన్ అంతటివాడు వైద్యుడు. ఆయన కలిపిచ్చిన థీరియాక్ అనే మందును చక్రవర్తి రోజూ పుచ్చుకునేవాడు. తత్త్వం తెలిసినవాడికి మందెందుకని ఆయన అనుకోలేదు.

స్టోయిక్ ఆలోచన మనోవైద్యంలోకి వచ్చిన మాట నిజం. 1950లలో అమెరికన్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎలిస్ దాన్ని వాడుకున్నాడు. మనోవైద్యుడు ఆరన్ బెక్, ఆయన సహచరులు 1979లో డిప్రెషన్ చికిత్స గురించి రాసిన పుస్తకంలో తమ పద్ధతి మూలాలు స్టోయిక్కుల దాకా వెళ్తాయని చెప్పారు. కానీ అది ఎలా జరుగుతుందో చూడండి. మీ మెసేజ్ చూసి కూడా బాస్ రిప్లై ఇవ్వలేదనుకోండి. 'నా ఉద్యోగం పోయినట్టే' అన్న ఆలోచన వచ్చింది, టెన్షన్ మొదలైంది. థెరపిస్టు దాన్ని కాగితం మీద పెట్టిస్తారు: ఏం జరిగింది, ఏమనుకున్నావు, ఎంత భయమేసింది, అందుకు ఆధారమేంటి, కాదనడానికి ఆధారమేంటి. వారాల తరబడి, శిక్షణ ఉన్న మనిషి ఎదుట కూర్చుని చేసే పని అది. అవసరమైతే దానితో పాటు మందులూ ఉంటాయి. నిద్ర, ఆకలి పోయి, ఆలోచించే శక్తే సన్నగిల్లినవాడికి రెండు వాక్యాల పోస్టు పంపి 'నీ ఆలోచన మార్చుకో' అంటే, నయం కాకపోవడం కూడా వాడి తప్పే అని చెప్పినట్టు. అలాంటి మనిషి మీ ఎరుకలో ఉంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 పంపండి. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.