మహారాజశ్రీ కొలత టేపు గారికి

మహారాజశ్రీ కొలత టేపు గారి సముఖానికి జోహానెస్‌బర్గ్ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మేమిక్కడ క్షేమం. తమరు కూడా దక్షిణాఫ్రికా ఉత్తరాన లింపోపోలో ఆ వేట ఫారం షెడ్డులో మేకుకి వేలాడుతూ క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. మొన్న శనివారం మధ్యాహ్నమంతా తమరి సేవలో గడిపే భాగ్యం కలిగింది. రెండింటికల్లా చేతిలో పెడతామన్న మాంసం చీకటి పడ్డాక ఇచ్చారు. అందుకు తమరిని ఏమీ అనను. మాంసంతో తమరికేం పని? తమరికి కావలసింది తల. తలలోనూ కొమ్ములు. కొమ్ముల్లోనూ పొడవు. మిగతా పావు టన్ను జంతువు, కుడూ అనే ఆ మెలికల కొమ్ముల పెద్ద జింక, తమరి లెక్కలోకి రాదు.

మా పక్కింటి ఓమ్ (ఇక్కడి ఆఫ్రికాన్స్ భాషలో బాబాయి అన్నమాట) ఏటా చలికాలంలో బిల్టాంగ్ అనే ఎండుమాంసం కోసం వేటకెళ్తాడు. ఇక్కడి వాళ్ల వేట ఎక్కువగా కూర కోసం, పైదేశాల నుంచి వచ్చేవాళ్ల వేట ఎక్కువగా గోడ కోసం. ఓమ్‌కి కొమ్ముల్లేని ఆడ కుడూ అయినా ఒకటే, కాస్త బక్కదైనా ఒకటే. మా ఇంట్లో తిన్న రుచి మరిచిపోలేక, "నువ్వూ రా, రాత్రికి కార్జం వేపుడు చేద్దువుగాని" అంటే అతని బక్కీ (పికప్ ట్రక్కు) ఎక్కాను. దారిలో తమరు తగులుతారని ఎవరూ చెప్పలేదు.

మేం వెళ్లేసరికి ఓమ్ కొన్న ఆడ కుడూని కొయ్యాల్సిన మనిషి కత్తి పక్కన పెట్టి నిలబడి ఉన్నాడు. డాలర్లు కట్టి వచ్చిన అతిథి ఒకాయన పొద్దున మగ కుడూని కొట్టాడట. దాని కొలత తేలేదాకా షెడ్డులో ఇంకో పని జరగదట. తమరిని జేబులోంచి తీశారు. అందరూ మాట్లాడటం ఆపేశారు. నేను కంప్యూటర్ల మనిషినని, ఎటూ మొగ్గనని నాకు సున్నా వైపు కొస పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు.

అలా ఆ మగ కుడూ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. కళ్ల మధ్య తెల్లటి గీత. గొంతు కింద బారుగా జూలు. కొమ్ముల మొదట్లో గట్ల మధ్య ఎర్రమట్టీ, చెట్టు బెరడు పేళ్లూ ఇరుక్కుని ఉన్నాయి. కొసలు మాత్రం రాపిడికి నున్నగా అరిగి దంతం రంగులో మెరుస్తున్నాయి. ఒళ్లు చల్లబడుతుంటే చెవి లోపలి నుంచి పిడుదులు ఒక్కొక్కటే దిగి సిమెంటు నేల మీదుగా వెళ్లిపోతున్నాయి. అవి కూడా తమరి కోసం ఆగలేదు.

గట్టు మొదలయ్యే చోట సున్నాని నొక్కిపట్టడం నా వంతు. అక్కణ్ణుంచి మెలిక వెంట, గట్టు మీదుగా, కొసదాకా తమరిని నడిపించడం వేట గైడు వంతు. గట్టు మీద తమరు నిలవరు కదా. వేలు కాస్త వదిలితే జారి లోపలి వంపులో పడతారు. పడితే పొడవు తగ్గుతుంది. తగ్గితే అతిథి మొహం మాడుతుంది. మళ్లీ మొదలు. 53 3/8 అంగుళాలు. కాదు, నా వేలు జరిగిందన్నారు. 53 5/8. హమ్మయ్య అనుకునేలోపు ఫారం యజమాని కళ్లజోడు పెట్టుకొచ్చాడు. 53 1/4. అతిథి స్వయంగా కొలుచుకున్నాడు. 54 వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. టేపు ఎండకి సాగిందా లేదా అని కాసేపు చర్చ. కొమ్ము ఆరితే ఇంకా తగ్గుతుందని వెనక నుంచి ఎవరో పుల్ల పెట్టారు. చివరికి 53 1/2 దగ్గర రాజీ పడ్డారు.

కావలసింది 53 7/8.

ఎందుకు 53 7/8? ఆ మాట అడిగితే నన్ను చూసిన చూపు తమరు చూసే ఉంటారు. లండన్‌లో రోలండ్ వార్డ్ అని చచ్చిన జంతువుల తోళ్లలో కూరి నిలబెట్టే పెద్దమనిషి ఉండేవాడు. 1892లో ఆయన, లోకంలో ఎవరు కొట్టిన జంతువు కొమ్ము ఎంత పొడవో చెప్పే పుస్తకం మొదలుపెట్టాడు. దాని కొత్త ముద్రణలు ఇప్పటికీ వస్తున్నాయి. అందులో చోటు దక్కాలంటే పెద్ద కుడూకి కనీసం 53 7/8 ఉండాలి. రికార్డు 73 7/8. దక్షిణాఫ్రికా 1970లలోనే మెట్రిక్‌కి మారింది. రోడ్డు కిలోమీటర్లలో, మాంసం కిలోల్లో, పెట్రోలు లీటర్లలో. ఒక్క తమరి దగ్గరికొచ్చేసరికి మాత్రం విక్టోరియా మహారాణి ఇంకా బతికే ఉంది. (ఫ్లాట్లని చదరపు అడుగుల్లో కొనుక్కునే జాతి వాణ్ణి, ఈ విషయంలో ఎక్కువ మాట్లాడకూడదేమో.)

మా దేశంలోనూ తమరి వంశం బాగానే బతికింది. దొరలూ మహారాజులూ పులిని కొట్టి, ముక్కు దగ్గరొక మేకు, తోక చివరొక మేకు పాతి తిన్నగా కొలవాలా, లేక వీపు వంపుల మీదుగా టేపు పరిచి కొలవాలా అని తగువులాడుకున్నారు. వంపుల మీదుగా అయితే నాలుగు అంగుళాలు కలిసొస్తాయి మరి. వైస్రాయ్ గారి పులులకి వేరే టేపు ఉండేదనీ, దాంట్లో అడుగుకి పదకొండు అంగుళాలేననీ ఒక ఎకసెక్కం కూడా ఉంది. అది నిజమైతే ఆ టేపుకి నేను గుడి కట్టిస్తాను. వంకర పనిని వంకరగానే చేసింది, నీతులు చెప్పలేదు.

తమరు కొలవని వాటి సంగతికొద్దాం. మగ కుడూకి కొమ్ము మొదటి మెలిక తిరగడానికి రెండేళ్లు పడుతుంది. రెండున్నర మెలికలు పూర్తవడానికి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో సింహాన్నీ, చిరుతనీ, అడవి కుక్కల్నీ, కరువునీ తప్పించుకోవాలి. అంత ఒళ్లు పెట్టుకుని ముళ్లపొదలో పది అడుగుల దూరంలో నిలబడినా మనకి కనబడదు. ఇక్కడి వేటగాళ్లు దాన్ని బూడిదరంగు దెయ్యం అంటారు. మనిషి ఎత్తు కంచెని నిలబడ్డ చోటు నుంచే దూకేస్తుంది. అందుకే ఫారాలు ఎనిమిది అడుగుల కంచెలు వేసుకున్నాయి. అయినా దూకేవి దూకుతూనే ఉంటాయి. దూకినా లాభం లేదు. 1991 నాటి చట్టం ప్రకారం సరైన కంచె ఉంటే, బయటపడ్డ జంతువు కూడా ఆ ఫారం వాడిదే. దానికున్న పెద్ద బలహీనత ఒక్కటే. ప్రమాదం అనిపిస్తే పరిగెడుతుంది, కాస్త దూరం పోయాక ఆగి, ఏమిటా అని వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ చూపులోనే చాలావాటి ప్రాణం పోతుంది. దీనికి తమరి మీద గీత ఏది? మనిషి పోతే మీసం కొలిచి ఇంటికి కబురు పంపినట్టుంది తమరి వ్యవహారం.

ఇంకో వింత. ఆ పుస్తకంలోకి ఎక్కడానికి జంతువుని కొట్టనక్కర్లేదట! ముసలిదై పొదలో పడి చచ్చినదాని తల దొరికినా, 'దొరికింది' అని రాసి చోటిస్తారు. అంటే తుపాకీ లేకపోయినా పరవాలేదు, గురి లేకపోయినా పరవాలేదు, అంగుళాలు ఉంటే చాలు. అలాగైతే తమరికి పండగ లాంటి రోజులు చాలానే వచ్చాయి. 1980లలో అప్పటి ట్రాన్స్‌వాల్ రాష్ట్రపు ఫారాల్లో కంచెల మధ్య ఇరుక్కుని, చలికాలంలో తుమ్మజాతి చెట్ల ఆకు తప్ప వేరే దిక్కు లేక కుడూలు వేలల్లో చచ్చాయి. ఎక్కువ మేస్తే ఆ చెట్లు ఆకుల్లో వగరు పెంచేసుకుంటాయనీ, అది కుడూ పొట్టలో అరుగుదలని చంపేసిందనీ ప్రిటోరియా యూనివర్సిటీలో వౌటర్ వాన్ హోవెన్ తేల్చాడు. కంచె లేకపోతే అవి నాలుగు ఆకులు కొరికి ఇంకో చెట్టుకి పోయేవి. కంచె ఎందుకు వేశారు? తమరి కోసమే కదా!

ఇక తమరూ గిమరూ నావల్ల కాదు. నువ్వనే అంటాను.

ఆ కుడూని కొట్టింది అతిథే, కాదనను. కాకపోతే గుండు వెనక్కి తగిలింది. కుడూ లేచి పోయింది. రక్తం చుక్క నేల మీద పడితే చాలు, జంతువు దొరికినా దొరక్కపోయినా డబ్బు కట్టాల్సిందే, అది ఇక్కడి రూలు. అతిథి బక్కీలో కూర్చుని కాఫీ తాగాడు. వెతికింది ట్రాకర్, అంటే జాడ పట్టేవాడు. అరవై దాటిన మనిషి, వెండా తెగ ఆయన. మొపానే చెట్టు ఆకు మీద ఎండిపోయిన మిరపగింజంత మరక చూసి, అది ఏ ఎత్తులో అంటిందో చూసి, దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పాడట. రాతినేల మీద జాడ తప్పితే, నీళ్లున్న వైపు కాకుండా గాలికి ఎదురు వెళ్లుంటుందని చెప్పి ముళ్లలో దూరాడట. ఇదంతా ఓమ్ చెప్పాడు. ఆయన చెప్పలేదు. ఆయన షెడ్డు బయట డబ్బా మీద కూర్చుని మోచేతిలో దిగిన ముళ్లు సేఫ్టీపిన్నుతో తీసుకుంటున్నాడు.

నీ కొలత రాసుకునే ఫారం చూశాను. వేటగాడి పేరు, గైడు పేరు, ఫారం పేరు, తేదీ, తుపాకీ రకం, ఎడమ కొమ్ము, కుడి కొమ్ము, మొదట్లో చుట్టుకొలత. "ట్రాకర్ పేరు ఎక్కడ రాస్తారు?" అని అడిగాను. అలాంటి గడి లేదు అన్నాడు గైడు, నేనేదో జంతువు అమ్మానాన్నల పేర్లు అడిగినట్టు. తుపాకీకి గడి ఉంది. మనిషికి లేదు.

నువ్వు పుట్టకముందు నుంచీ ఈ నేల మీద కుడూ వేట ఉంది. కలహారి ఎడారిలో శాన్ అనే ఆదివాసీ వేటగాళ్లు నడి మధ్యాహ్నం, నలభై డిగ్రీల ఎండలో, ఇసుకలో దాన్ని గంటల తరబడి తరిమి తరిమి, ఒళ్లు వేడెక్కి కదల్లేక నిలబడిపోయేదాకా వదిలేవాళ్లు కాదు. లూయిస్ లీబెన్‌బర్గ్ అనే పరిశోధకుడు వాళ్లతో తిరిగి ఆ పద్ధతంతా రాసిపెట్టాడు. పెద్ద కొమ్ములున్న మగది బరువుకి త్వరగా అలిసిపోతుందని దాన్నే ఎంచుకుంటారు. వాళ్లకి కొమ్ము పొడవు అంటే అంత. బోట్స్వానా 2014లో వేట ఆపేసినప్పుడు కంచెలున్న ప్రైవేటు ఫారాలకి మినహాయింపు ఇచ్చింది. ఇంటి కూర కోసం వేటాడే శాన్ వాళ్లు మాత్రం దొంగలయ్యారు. 2019లో ఆ నిషేధం ఎత్తేశారులే. కానీ ఆ ఐదేళ్లూ, కంచెకి ఈవలున్న నీ మనుషులకి ఒక్క పూట కూడా వేట ఆగలేదు.

అసలు నా కడుపుమంట ఎక్కడంటే, 53 1/2 అని తేలాక జరిగింది. నేను తలెత్తి అతిథి వంక చూశాను. అంతసేపు కుడూ తల ఒడిలో పెట్టుకుని ఫోటోలు దిగిన మనిషి, దాన్ని ఇంకోసారి చూడలేదు. చేతులు కడుక్కున్నాడు. "ఇంకొకటి బుక్ చెయ్" అన్నాడు గైడుతో. అంతే. టీ ఇంకో కప్పు అడిగినంత మామూలుగా. 3/8 అంగుళం. నా చిటికెన వేలి వెడల్పు కూడా లేదు. ఆ సందు పూడ్చడానికి ఇంకో ఆరేళ్ల జంతువు. అదీ తక్కువైతే? ఇంకోటి. డబ్బుంది, సీజనుంది, గోడ మీద చోటుంది. గన్ను కాదు ఆ రెండో దాన్ని చంపేది, నువ్వు. నువ్వే లేకపోతే ఆ మనిషి శనివారం నాడే సంతోషంగా విమానం ఎక్కేవాడు. ఒక కుడూ పోయింది, పొడుగు కొమ్ములు, ఫోటో బాగా వచ్చింది, చాలు అనుకునేవాడు. ఇనుప రేకు ముక్కవి, నీకెవడిచ్చాడురా ఈ అధికారం?

మిగతావన్నీ ఓర్చుకుంటాను. కార్జం గట్టిపడింది, ఓమ్ సగం మాంసం అక్కడే వదిలేయాల్సొచ్చింది, నా ప్యాంటుకి పిడుదులు పట్టాయి. పోనీలే.

నిన్న రాత్రి ఓమ్ ఫోన్ చేశాడు. అతిథి ఇంకా అక్కడే ఉన్నాడట. రోజూ తెల్లారకముందే నిన్ను జేబులో వేసుకుని బయలుదేరుతున్నారట. ట్రాకర్ ముందు నడుస్తున్నాడు. ఆడవి కనబడుతున్నాయి, కుర్ర మగవి కనబడుతున్నాయి, పెద్దది మాత్రం జాడ లేదట. ఈ ఏడాది వానలు సరిగ్గా పడలేదు, కొండ అవతలికి పోయుంటాయి అని చెబుతున్నాడట పెద్దాయన. గైడు కూడా నమ్మాడు.

శనివారం సాయంత్రం మాంసం కోసం కాచుకుని కూర్చున్నప్పుడు అదే పెద్దాయన ఓమ్‌తో, నా ఎదురుగానే, మూడు మెలికలు తిరగబోతున్న ముసలిదాని సంగతి చెప్పాడు. ఏ వాగు పక్కన పడుకుంటుందో, ఏ వేళకి నీళ్లకి దిగుతుందో అన్నీ చెప్పాడు. వాగు పేరు నాకు గుర్తుంది. నీకు చెప్పను.

ఇట్లు,
సున్నా కొస పట్టుకున్నవాడు